ముందునాటి నిద్ర

"నేను రాను!" అన్నది సిద్దమ్మ.

పెనం మీది జొన్నరొట్టెను తిప్పుతూ, ఎవరి ముఖమూ చూడకుండా అన్నది. పొద్దుటి నుంచి నారాయణఖేడ్‌లోని ఆ ఇంట్లో పొంగుతున్న సంబరం, పాలపొంగు మీద నీళ్లు చల్లినట్టు ఒక్కసారి అణగిపోయింది... ఫోన్‌లోని టికెట్లు తల్లికి చూపబోయిన సంగమేశ్ అలాగే నిలబడిపోయాడు. కోడలు శివాని చేతిలోని చెంబు చేతిలోనే ఉండిపోయింది. భర్త జగన్నాథ్ మాత్రం తల దించుకున్నాడు. ఆ "రాను" వెనుక ఏమున్నదో తెలిసినవాడు ఆ ఇంట్లో ఆయన ఒక్కడే!

"ఏందమ్మా గిట్లంటవ్?" అన్నాడు సంగమేశ్. "బాపుకు సముద్రం చూపియ్యాలనే గదా గిదంతా! గురువారం పొద్దుగాల శంషాబాద్‌ల విమానమెక్కితే పది గాకముందే ముంబాయిల ఉంటం. ఓడ మీదికి మూడింటిదాంక ఎక్కనిస్తరు. ఇగ నీకేం పరేషాన్?"

"గా నడుమ గంటలు నీ చేతులున్నయారా? ఓడెక్కే దినమే విమానమెక్కుడు ఏం తెలివి? పోతే ముందునాడే పోవాలె. లేకుంటే నేను రాను."

జగన్నాథ్‌ది మనూర్ దగ్గరి మెట్ట వ్యవసాయం. నలభై ఏళ్లు కందిచేను గట్టు మీద నిలబడి, మబ్బు కోసం మెడ నొప్పిపుట్టేలా ఆకాశాన్ని చూసిన మనిషి ఆయన. జీవితంలో ఆయన కోరిన కోరిక ఒక్కటే. "నీళ్లు తప్ప ఇంకేం కనవడని జాగ ఒక్కపారి చూడాలె" అనేవాడు. ఆ కోరిక తీర్చడానికే కొడుకూ కోడలూ ముంబాయి నుంచి లక్షద్వీపాలకు వెళ్లే ఓడలో నలుగురికీ చోటు తీసుకున్నారు. అటువంటి ప్రయాణానికి ఇల్లాలే అడ్డం పడితే ఎవరికి మాత్రం కోపం రాదు?

కానీ సిద్దమ్మ భయం వయసు మీరినవారి చాదస్తం కాదు. విమాన సంస్థలు టికెట్టు మీద వేసే సమయం మాట ఇవ్వడం కాదు, ఆశ పెట్టడం మాత్రమే. తాము చెప్పిన వేళకు తామే కట్టుబడనవసరం లేదని చీమతలకాయంత అక్షరాల్లో వాళ్లే రాసుకుంటారు! ఓడ అలా కాదు. నిచ్చెన ఎత్తిందంటే ఎత్తినట్టే. ఈ రెండింటినీ ఒకే రోజున ముడివేసిన ప్రయాణికుడు, మాట తప్పేవాడిని నమ్మి మాట తప్పనివాడి దగ్గరకు బయలుదేరినట్టు! అందులో ఆలస్యమైనవాడికి అన్నీ పోతాయి. ఆలస్యం చేసినవాడికి ఏమీ పోదు.

"అత్తమ్మ చెప్పింది సబబే," అన్నది శివాని మెల్లగా. "బుధవారమే పోదాం. రాత్రికి ఏదన్న హోటల్ల ఉంటే అయిపాయె."

సిద్దమ్మ ముఖం విప్పారింది. ఇంతలో జగన్నాథ్ తల ఎత్తాడు.

"హోటల్ల పండుకుంటే గది పరస్థానమెట్లయితది సిద్దమ్మా? పరస్థానమంటే మనోళ్ల ఇంట్ల నిద్ర జేసుడని మీ అవ్వనే గదా అనేది. ముంబాయిల మనకు ఇల్లు లేదా? ఆనందమ్మ లేదా?"

రొట్టె మాడిన వాసన వచ్చింది.

"గా పేరు నా ముంగట ఎత్తొద్దని ఎన్నిసార్లు చెప్పిన్నయ్యా!" అన్నది సిద్దమ్మ. "దాని గడప నేను తొక్క! సంగమేశ్, గురువారం విమానమే కానీయ్. ఓడ దొరికితే దొరుకుతది, లేకుంటే లేదు!"

ఎంత విపరీతం! తన నోటి మాటను తానే తుంచుకున్నది. చెల్లెలి ఇంటికి పోవడానికి పంతం అడ్డు వచ్చింది. పోనీ, హోటలుకు పోదామంటే కన్నతల్లి మాట అడ్డు వచ్చింది. తోడబుట్టినది ఉన్న ఊళ్లో పరాయి మంచం మీద పడుకోవడమంటే, ఇక మాకు సంబంధం లేదని లోకానికి చాటడమే కదా! అంతకంటే, ఓడను దైవానికి వదిలెయ్యడమే ఆమెకు నయమనిపించింది.

ఆ మధ్యాహ్నం గోడకు చేరగిలబడి కూర్చున్న సిద్దమ్మకు కంగ్టి దగ్గరి పుట్టిల్లు కళ్ల ముందు కదలాడింది. తల్లి హన్మమ్మకు ఒక నియమం ఉండేది. ఎంత చిన్న ప్రయాణమైనా సరే, ముందునాటి సాయంత్రమే మంచి వేళ చూసి మూట కట్టి, ఇద్దరు కూతుళ్లనూ వెంటబెట్టుకొని కంగ్టిలో బస్సు ఆగే చోటి పక్కనే ఉన్న కిష్టప్ప మామ ఇంటికి నడిపించేది. ఆ రాత్రి నిద్ర అక్కడే. దానికే పరస్థానమని పేరు. ఇల్లు విడిచి, మనవాళ్ల ఇంట ఒక రాత్రి ఉంటే ప్రయాణం సగం అయిపోయినట్టేనట! "బస్సు మనకోసం ఆగదు బిడ్డా, మనమే బస్సుకోసం ఆగాలె" అనేది హన్మమ్మ.

బోరంచ నల్లపోచమ్మ గుడికి పోయినా, ఖేడ్ అంగడికి పోయినా అదే పద్ధతి. అసలు ప్రయాణం కంటే ఆ ముందునాటి రాత్రే ఎంత తీయగా ఉండేదో! కిష్టప్ప మామ ఇంటి అరుగు మీద అక్కాచెల్లెళ్లిద్దరికీ ఒకటే గొంగడి. నువ్వులపొడి అద్దిన రొట్టెల మూట తల దగ్గర పెట్టుకొని, ఆ వాసనకు నిద్ర పట్టక, "అక్కా, ఒక్క తునక... అవ్వకు తెల్వది!" అని ఆనందమ్మ గుసగుసలాడేది. "పొద్దుగాలకు ఏం తింటవే తిండిబోతుదానా?" అని కసురుతూనే సిద్దమ్మ చీకట్లో మూట విప్పేది. తెల్లవారి లెక్క తక్కువైతే, హన్మమ్మ ఇద్దరి ముఖాలూ చూసి, "కంగ్టిల ఎలుకలు ముడి ఇప్పదీసుడు గూడ నేర్చినయ్!" అని నవ్వుకునేది. ఆ నవ్వు ఇప్పుడు ఎక్కడున్నది? ఆ గొంగడి ఎక్కడున్నది?

ఆనందమ్మ పెళ్లయి ముంబాయి వెళ్లిపోయింది. భర్త పోయాక కూడా, కొడుకు కొలువు అక్కడే కావడంతో ఆ ఊరు విడిచి రాలేదు. ఏడేళ్ల క్రితం హన్మమ్మ మంచాన పడినప్పుడు సిద్దమ్మ ఫోన్ చేసింది. "అవ్వ తీరు మంచిగ లేదు. ఇయ్యాల్నే బయలెల్లు ఆనందీ!" అన్నది. "రేపు పొద్దుగాల విమానానికి పోరడు టికెట్ తీసిండక్కా, పగటిపూటకల్ల నీ ముంగటుంట" అన్నది చెల్లెలు. ఆ తెల్లవారుజామునే హన్మమ్మ కన్నుమూసింది. విమానం మాత్రం రాలేదు! గంట ఆలస్యమన్నారు. మరో గంట అన్నారు. విభూతి అద్ది, పూలతో అలంకరించి, వాళ్ల ఆచారం ప్రకారం కూర్చోబెట్టిన తల్లి ముందు సిద్దమ్మ వాకిలి వైపు చూస్తూ కూర్చున్నది. పొద్దు వాలింది. పొద్దుగూకితే తల్లిని మట్టికి చేర్చడానికి వీల్లేదని పెద్దలు తొందరపెట్టారు. "ఇగ ఎత్తుండ్రి..." అన్నది సిద్దమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గుండె ఎన్ని తునకలైందో ఎవరు చూశారు?

మట్టి సర్దుతుండగా ఆనందమ్మ పరుగెత్తుకొచ్చి పడిపోయింది. "ఒక్క గంట ఆగకపోతివా అక్కా!" అని నేలను గుద్దుకున్నది. "ఒక్క దినం ముందు రాకపోతివా?" అన్నది సిద్దమ్మ. "నేనేం చేతునక్కా... పొద్దంత గీడనే కూసోమని చేతుల ఉప్మా డబ్బా వెట్టిండ్రు..." అని ఆమె ఏడుస్తుంటే, అందరి ముందూ సిద్దమ్మ నోట ఆ మాట దొర్లింది. "అవ్వ మట్టిల వోతుంటే నువ్వు ఉప్మా తినుకుంట కూసున్నవా!"

అంతే. ఏడేళ్లు! ఇద్దరు నిర్దోషులు ఒకరినొకరు చీల్చుకున్నారు. అసలు దోషి పేరు ఆ రోజు ఎవరి నోటా రాలేదు. ఆ విమానం నడిపినవారు ఒక్క క్షమాపణ కూడా చెప్పలేదు!

* * *

గురువారం తెల్లవారకముందే నలుగురూ కారులో బయలుదేరారు. పల్చటి మంచు ఉన్నది. శంషాబాద్‌లో పెట్టెలు అప్పగించి లోపల కూర్చున్నారు. ఎక్కవలసిన వేళ వచ్చింది, పోయింది. తెర మీద వేళ మారింది. మళ్లీ మారింది. మంచు కరిగి ఎండ కాసింది. ఇతర విమానాలు ఎగురుతూనే ఉన్నాయి. వీళ్లది మాత్రం వేరే ఊరి నుంచి ఇంకా రాలేదట!

"సార్, మేము కూడా కనుక్కుంటున్నాం సార్," అని బల్ల వెనుక కుర్రవాడు అదే మాట వల్లించాడు.

"కనుక్కునుడేంది? మీ విమానం ఏడున్నదో మీకే తెల్వదా?" అని సంగమేశ్ అరిచి అరిచి, చివరికి వచ్చి తల్లి కాళ్ల దగ్గర కూలబడ్డాడు. "నీ మాట ఇనకపోతి అమ్మా... ఇగ మూడింటికి అందం. బాపు ఓడ పాయె!"

"గురువారమే కానీయ్ అన్నది నేనే గదరా..." అన్నది సిద్దమ్మ.

అప్పుడు ఒక అమ్మాయి తోపుడుబండితో వచ్చి, ముఖమైనా చూడకుండా సిద్దమ్మ చేతిలో ఒక కాగితపు డబ్బా పెట్టి ముందుకు సాగింది. పైన మూత, పక్కన చిన్న చెంచా.

ఉప్మా!

సిద్దమ్మ చుట్టూ చూసింది. లేచి పోవడానికి తోవ లేదు, అడగడానికి మనిషి లేడు, అక్కడ ఓడ కదిలిపోతున్నది, ఇక్కడ చేతిలో ఈ డబ్బా... సరిగ్గా ఇలాగే కదా తన చెల్లెలు కూర్చున్నది! ఇలాంటి కుర్చీలోనే కదా, ఆ పిచ్చిది కన్నతల్లి మట్టిలోకి పోతున్నదని తెలిసి, ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియక అల్లాడింది! తనకు పోయేది ఓడ. ఆమెకు పోయింది అవ్వ... దాన్ని పట్టుకొని తాను ఏమన్నది!

"ఏమయ్యా..." సిద్దమ్మ భర్త వైపు తిరిగింది. "నీ ఫోన్ల దాని నంబరున్నదా?"

జగన్నాథ్ ఫోన్ కలిపి ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"బావా, విమానం లేసిందా?" అని అవతలి నుంచి ఆత్రంగా వినిపించింది.

"నేనే... ఆనందీ..."

అవతల ఏదో సందడి, ఏవో ప్రకటనలు. వాటి నడుమ, "అక్కా?" అన్నది చిన్నపిల్లలా.

"గా దినం... గా ఉప్మా తిన్నవానే?"

"ఎట్ల తింటనక్కా!" ఆనందమ్మ భోరుమన్నది. "మూత గూడ తియ్యలే... కంగ్టిదాంక చేతులనే ఉండె. ఎక్కడ వడేసిన్నో గూడ యాదికి లేదు..."

"తప్పయిందే చెల్లే! గంత మాట అనొద్దుండె..." సిద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఆ ఏడుపుకు పక్క కుర్చీలవాళ్లు తిరిగి చూశారు. చూస్తే చూడనీ! "ఏడున్నవే? ఏందా లొల్లి?"

"గీడనే, ముంబాయిల విమానాలు దిగేకాడ. మీరొస్తుండ్రని బావ చెప్పిండు. నువ్వెట్లన్న మాట్లాడవు... దూరంకెళ్లి ఒక్కపారి చూసి పోదామని పొద్దుగాలనే వచ్చి నిలవడ్డ."

"పొద్దుగాలనా! ఇంటికి పోవే పిచ్చిదానా, గీ విమానం ఎప్పుడొస్తదో దేవునికే ఎరుక!"

"ఆలిశమైతదని నాకంటే ఎవలకు ఎరుకక్కా? అందుకే ముందుగాల వచ్చిన. నేను కదల."

* * *

విమానం ముంబాయి మీదికి చేరేసరికి పొద్దు వాలిపోయింది. కిటికీ పక్కన కూర్చున్న జగన్నాథ్ హఠాత్తుగా అద్దానికి నుదురు ఆనించాడు. కింద, కనుచూపు మేరంతా, బంగారు రంగు కరిగించి పోసినట్టు...

"సిద్దమ్మా... గదేనా?" అన్నాడు.

"గదే బాపూ," అన్నాడు వెనుక నుంచి సంగమేశ్. "మన ఓడ గూడ గా నీళ్లలనే పోయింది."

"పోయిన ఓడ పోనీరా. నీళ్లు యాడికి పోతయి? రేపు ఒడ్డున నిలవడి కడుపునిండ చూస్త."

సిద్దమ్మ తొంగి చూసింది కానీ, నిండిన కళ్లలో ఆమెకు నీళ్లు తప్ప మరేమీ కనబడలేదు.

బయట మనుషుల రద్దీలో, ఇనుప కడ్డీని రెండు చేతులా పట్టుకొని ఒక నెరిసిన తల నిలబడి ఉన్నది. భుజాన ఒక గుడ్డమూట. పొద్దుటి నుంచీ నిలబడిన కాళ్లు వాచి ఉన్నాయి. ఏడేళ్లలో ఎంత చిక్కిపోయింది! సిద్దమ్మ పెట్టెను అక్కడే వదిలేసింది. దగ్గరకు వెళ్లి, ఆ రెండు చేతులనూ కడ్డీ మీద నుంచి తీసి తన చెంపలకు ఆనించుకున్నది.

"పొద్దుగూకిందే ఆనందీ..."

"గూకితేంది? నేను ఆగిన."

ఆ మాటలో దెప్పిపొడుపు లేదు. ఉంటే సిద్దమ్మ ఓర్చుకునేదేమో! లేదు కనుకనే, చెల్లెలి భుజం మీద వాలిపోయి, ఏడేళ్ల కిందటి సాయంత్రం తల్లి ముందు ఏడవకుండా బిగబట్టుకున్న దుఃఖమంతా వెళ్లబోసుకున్నది. మూట నుంచి నువ్వులపొడి వాసన వచ్చింది.

"నడువక్కా, ఇంటికి పోదాం," అన్నది ఆనందమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"రేపు ఎక్కెటందుకు ఓడ లేదు గదనే..."

"ఓడ లేకుంటే పరస్థానం జెయ్యొద్దా? రొట్టెలు తెచ్చిన. ముడి ఇంక ఇప్పలే."

"ఇప్పలేదా?" సిద్దమ్మ ఆ కన్నీళ్లలోనే మూటను తడిమి చూసి, చెల్లెలి ముఖంలోకి చూసింది. "మరి రెండు తక్కువున్నయేందే, తిండిబోతుదానా?"