ఆక్టేవర్ ముందా, ఫజ్ ముందా

"హోటల్ బ్యాండులో బాస్ గిటార్ వాయించేవాడు లిఫ్ట్ గోతిలో శవమై దొరికాడు," అన్నాడు చీఫ్, పెన్సిల్ చెక్కుకుంటూ. "లిఫ్ట్ తలుపు తెరుచుకుంది, లిఫ్ట్ మాత్రం రాలేదు. పేపర్లో యాక్సిడెంట్ అని వస్తుంది."

"కాదా సార్?" అన్నాడు ఏజెంట్ ముంగిస.

"కాళ్లకి బూట్లు లేవు. బూట్లు విప్పి లిఫ్ట్ ఎక్కేవాణ్ణి నేనింకా చూడలేదు."

ముంగిస అన్నది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. పదిహేనేళ్లలో చాలా పాముల్ని పట్టాడు గనక ఆ పేరు. ఇంట్లోవాళ్ల లెక్కలో మాత్రం అతను ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా, అదీ ప్రమోషన్ రాని గుమాస్తా.

చీఫ్ ప్రొజెక్టర్ ఆన్ చేశాడు. గోడమీద హోటల్ బాంక్వెట్ హాల్ వెలిగింది.

"గురువారం మధ్యాహ్నం ఇక్కడ విందు. రెండు దేశాల మంత్రులు నది నీళ్ల ఒప్పందం మీద సంతకం చేస్తారు. వాళ్లు బతికి బయటికి రాకపోతే యుద్ధమే. ఆరెంజ్ రింగ్ ముఠాకి కావాల్సింది కూడా అదే. ప్లాన్ ఏమిటో తెలీదు. బ్యాండులోనే ఏదో ఉంది. అక్కడ మన మనిషి ఒకామె ఉంది. సింగర్. కోడ్ నేమ్ మైనా. రింగ్ దగ్గర జీతం తీసుకుంటుంది, మన దగ్గరా తీసుకుంటుంది."

"ఇంతకీ ఎవరి మనిషి?"

"గురువారం తెలుస్తుంది. ఇప్పుడు బ్యాండుకి కొత్త బాస్ ప్లేయర్ కావాలి." చీఫ్ పెన్సిల్ మొన ఊదాడు. "మీ బావ వాయిస్తాడటగా?"

ముంగిస కుర్చీలోంచి లేచాడు. "సార్, ఆయన సివిలియన్. మా అక్క మొగుడు. నోట్లో నాలుక లేని మనిషి."

"అందుకే ఎవరూ అనుమానించరు. నువ్వు ఆయన వెనకాల వైర్లు మోసేవాడిగా వెళ్తావు."

"నేను ఒప్పుకోకపోతే?"

"ఆయన ఒప్పేసుకున్నాడు. పొద్దున్నే హోటల్ వాళ్లచేత ఫోన్ చేయించాను. ఎగిరి గంతేశాడట."

నిజంగానే గంతేశాడు. ముంగిస అక్క ఇంటికి వెళ్లేసరికి బావ హాల్లో నేలమీద, గిటార్ శబ్దాన్ని మార్చే పెడల్స్ అన్నీ పరుచుకుని, ఒక్కోదాన్నీ పసిపిల్ల మొహం తుడిచినట్టు పాత బనీనుతో తుడుస్తున్నాడు. ఆఫీసుకి సెలవు పెట్టి వైర్లు మోయడానికి వస్తానని ముంగిస చెప్పగానే, అక్క అతన్ని వంటింట్లోకి లాక్కెళ్లి గొంతు తగ్గించింది.

"ఒరే తమ్ముడూ, ఈయన ఇరవై ఏళ్లుగా సింగర్ల వెనక చీకట్లో నిలబడి వాయించాడు. ఈయనొకడు ఉన్నాడని ఎవడూ చూడలేదు. ఈసారి చివరి పాట ఆఖర్లో ఒక్కడే వాయిస్తాడట. రికార్డింగ్ కంపెనీ పెద్దాయన వస్తున్నాడట. నచ్చితే తన దగ్గర పెట్టుకుంటానన్నాడట. ఆయన ఇలా నవ్వి ఎన్నాళ్లయిందో చెప్పలేనురా. ఎలా తీసుకెళ్తున్నావో అలా తీసుకురా."

"అలాగే అక్కా," అన్నాడు ముంగిస. ఇంతకంటే పెద్ద అబద్ధాలు శత్రుదేశాల్లో తొణక్కుండా ఆడిన నోరు అది. ఇప్పుడు మాత్రం మంచినీళ్లు అడిగింది.

బుధవారం రిహార్సల్‌లో బావ అతనికి పని నేర్పాడు. నేర్పాడనడం మర్యాద. చీవాట్లు పెట్టాడు.

"ఏరా, యాంప్ వాల్యూమ్ సున్నాలో పెట్టకుండానే జాక్ గుచ్చుతావా? స్పీకర్ చచ్చిందంటే నీ ఇన్సూరెన్స్ ఆఫీసు ఇస్తుందా? ఇటు చూడు. గిటార్‌లోంచి వైరు ముందు ట్యూనర్‌కి. ట్యూనర్‌లోంచి ఆక్టేవర్‌కి. అది మనం మీటిన స్వరానికి ఒక స్థాయి కింద ఇంకో స్వరం పుట్టిస్తుంది. దానికి శుభ్రమైన శబ్దం కావాలి, లేకపోతే ఏ స్వరమో పోల్చుకోలేక పిచ్చెత్తిపోతుంది. దాని తర్వాతే ఫజ్. ఫజ్ అంటే గరగర, బురద. చివరికి యాంప్‌కి. ఒళ్లు తుడుచుకుని బురదలో దిగొచ్చుగానీ, బురదతో వచ్చి తువ్వాలు పాడుచేయకూడదు. అర్థమైందా?"

"అయింది బావా."

"ఏడిశావు. మళ్లీ చెప్పు."

ముంగిస మళ్లీ చెప్పాడు. హాల్ వెనక సౌండ్ డెస్క్ దగ్గర కూర్చున్న బట్టతల మనిషి ఇదంతా చూస్తూ చూయింగ్ గమ్ నములుతున్నాడు. బ్యాండువాళ్లు అతన్ని మిక్సర్ అని పిలుస్తారు. అతను నవ్వగా ఎవరూ చూడలేదట.

గురువారం. మధ్యాహ్నం విందు మొదలైంది. హాల్ నిండా తెల్ల టేబుల్ క్లాతులు, నల్ల కోట్లు. ముందు వరసలో ఇద్దరు మంత్రులు ఒకరి గ్లాసులో ఒకరు నీళ్లు పోసుకుంటూ ఫొటోలు దిగుతున్నారు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన కేబుల్ టెస్టర్‌లో కెమెరా ఉంది, బెల్టు బకిల్‌లో ట్రాన్స్‌మీటర్ ఉంది. కెమెరాకి ముంగిస బూట్లు తప్ప ఇంకేమీ కనపడటం లేదు.

చివరి పాటకి ముందు విరామం. సర్వీస్ కారిడార్‌లో ఇస్త్రీ బట్టల బండి పక్కన, పచ్చ సిల్కు గౌనులో మైనా నిలబడి సిగరెట్ వెలిగించుకుంటోంది. అంత అందమైన మనిషిని అంత అలసటగా ముంగిస ఎప్పుడూ చూడలేదు.

"తొమ్మిది వోల్టుల బ్యాటరీ ఉందా?" అంది.

"ఉంది, కానీ సగం చచ్చింది," అన్నాడు ముంగిస. కోడ్ కలిసింది.

"బాంబు యాంప్‌లో ఉంది. మూత విప్పితే పేలుతుంది. దాన్ని పేల్చేది మీ బావే."

"ఏంటీ?"

"ఆఖరి స్వరం. ఆక్టేవర్ ఆన్‌లో ఉండగా లావు తీగని వేలితో అదమకుండా ఉత్తగా మీటితే, ఒక స్థాయి కింది స్వరం పుడుతుంది. మన చెవికి అందదు, యాంప్‌కి అందుతుంది. అది వణక్కుండా మూడు సెకన్లు నిలబడితే చాలు. మామూలు సంగీతంలో అంత కిందికి ఎవరూ వెళ్లరు. అందుకే ఆ చివరి ముక్క మీ బావకిచ్చారు. పాతవాడికి అనుమానమొచ్చింది, పాపం."

"ఆక్టేవర్ వైరు పీకేస్తాను."

"మిక్సర్ కళ్లు దాని ఎర్ర లైటు మీదే ఉంటాయి. లైటు ఆరినా, బాస్ ఆగినా, ఎవరైనా హాల్లోంచి లేచి పరిగెత్తినా జేబులో రిమోట్ నొక్కేస్తాడు. అది వాడి ఆఖరి మార్గం, స్వరంతో పేలితే నేరం మీ బావ మీదకి పోతుంది. ఆ రిమోట్ సంగతి నేను చూస్తాను. కానీ వాడి దగ్గరికి చేరేది పాట అయ్యాకే." పొగ వదిలింది. "చేరగలిగితే."

ముంగిస బకిల్ నొక్కి చీఫ్‌తో మాట్లాడాడు.

"హాల్ ఖాళీ చేయించలేం," అంది చీఫ్ గొంతు.

"మరి నన్నేం చేయమంటారు?"

"నీ వివేకం." లైన్ తెగింది.

వివేకమట! పదిహేనేళ్ల సర్వీసులో డిపార్ట్‌మెంట్ ఎప్పుడు చేతులు దులుపుకున్నా వాడిన మాట అదే.

ముంగిస స్టేజి మీదకొచ్చాడు. బావ నీళ్లు తాగడానికి వెళ్లాడు. బావకి చెబితే? లాభం లేదు. ఆ మొహం అద్దాల బీరువా. లోపల ఏముందో వీధి చివరికి కనపడుతుంది. మిక్సర్ ఒక్క చూపులో చదివేస్తాడు. చెప్పకపోతే? మీటేస్తాడు. ఎటు చూసినా గోడే.

లైటు వెలగాలి. శబ్దం రావాలి. కానీ ఆ స్వరం నిలబడకూడదు.

ముంగిస మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆక్టేవర్‌కి వెళ్లే వైరు తీసి ఫజ్‌కి గుచ్చాడు, ఫజ్‌లోంచి వచ్చేది ఆక్టేవర్‌కి గుచ్చాడు. బురద ముందు, తువ్వాలు తర్వాత. మొదటిరోజు నేర్చుకునేవాడు చేసే తప్పు. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన మనిషి నోట్లో మట్టి కొట్టడానికి అంత చిన్న పని చాలు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయిగా?" వెనకనుంచి బావ గొంతు.

"ఉన్నాయి బావా."

"ఆ మూడో టేబుల్ దగ్గర తెల్లజుట్టు ఆయన. ఆయనేరా రికార్డింగ్ కంపెనీ పెద్దాయన." బావ చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. "నాకు భయంగా ఉందిరా. వాయిస్తానంటావా?"

"వాయిస్తావు బావా," అన్నాడు ముంగిస. ఆ మాట అంటున్నప్పుడు చచ్చిపోతే బాగుండుననిపించింది.

పాట మొదలైంది. మైనా పాడింది. పాట చివర్లో మైకు స్టాండుకి తగిలించి, చప్పట్ల మధ్య మెట్లు దిగి, టేబుళ్ల మధ్యనుంచి నవ్వుతూ సౌండ్ డెస్క్ వైపు నడిచింది. దారిలో ఒక మంత్రి లేచి చేయి కలిపాడు. చేయి వదలడే! ముంగిస మనసులో ఆ మంత్రి వంశాన్నంతా తిట్టాడు.

స్టేజి మీద బావ ఒక్కడే. వెలుగంతా అతని మీదే. వట్టి బాస్‌తో మొదలుపెట్టాడు. మెత్తగా, లోతుగా, మనసులో మాట చెప్పుకుంటున్నట్టు. హాల్లో స్పూన్ల చప్పుడు ఆగిపోయింది. మూడో టేబుల్ పెద్దాయన కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. ముంగిసకి సంగీతం తెలియదు. అయినా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత ఉందా ఈ మనిషిలో!

బావ రెండు పెడల్స్ తొక్కాడు. రెండు లైట్లూ వెలిగాయి. లావు తీగ మీటాడు.

గేదె గొంతులో సైకిల్ పంపు ఇరుక్కున్నట్టు ఒక శబ్దం. గుడగుడ, కీచు, మళ్లీ గుడగుడ. ఆక్టేవర్ పిచ్చెత్తి స్వరం నుంచి స్వరానికి గెంతుతోంది. ఎక్కడా నిలబడటం లేదు. వెనక టేబుళ్ల దగ్గర ఎవరో కిసుక్కున నవ్వారు. మిక్సర్ నమలడం ఆపి ఎర్ర లైటు చూశాడు. వెలుగుతోంది. మీటర్ చూశాడు. ఊగుతోంది. అయినా ఏమీ జరగడం లేదు.

బావ కిందికి చూశాడు. ఒక్క చూపు చాలు ఆయనకి. తలెత్తి ముంగిస వైపు చూశాడు. తర్వాత, ఎంతైనా పనివాడు గదా, చేయాల్సిన పనే చేశాడు. ఫజ్ ఆపేస్తే శబ్దం మళ్లీ శుభ్రమవుతుంది. కాలు ఫజ్ మీదకి లేచింది.

శుభ్రమైతే అందరూ బూడిదే.

ముంగిస ఆలోచించలేదు. పక్క తెరలోంచి ఒక్క ఉరుకు ఉరికి, కాలు వైర్లలో ఇరుక్కున్నట్టు, పెడల్స్ మీద బోర్లా పడ్డాడు. జాకులన్నీ ఊడివచ్చాయి. యాంప్ ఒక్కసారి 'ఢబ్' మని మూగబోయింది.

హాలంతా గొల్లున నవ్వింది. మంత్రులు కూడా నవ్వారు.

మిక్సర్ చేయి జేబులోకి పోయింది. జేబు ఖాళీ. పక్కన పచ్చ గౌను, దాని పిడికిట్లో చిన్న నల్ల రిమోట్. మిక్సర్ లేవబోయాడు. మైనా ఉంగరంలో సూది అప్పటికే పని చేసేసింది. నిద్రపోతున్నవాడిలా డెస్క్ మీదకి ఒరిగాడు.

నేలమీద పడి ఉన్న ముంగిస ఇదంతా చూశాడు. బావ చూడలేదు. బావ మూడో టేబుల్ వైపు చూస్తున్నాడు. పెద్దాయన నాప్కిన్ మడిచి పెట్టి, కోటు తీసుకుని, తలుపు వైపు నడుస్తున్నాడు.

ఒప్పందం మీద సంతకాలయ్యాయి. మైనా ఆ సాయంత్రమే మాయమైంది. రెండు పక్షాలూ ఆమె మా మనిషే అన్నాయి, వారం తిరగకముందే రెండూ మా మనిషి కాదన్నాయి. చీఫ్ తలుపులు మూసిన గదిలో ముంగిస కోటుకి మెడల్ పెట్టి, చేయి కలిపి, మెడల్ మళ్లీ తీసి సొరుగులో పెట్టేశాడు.

"మా బావకి ఒక్క మాట చెప్పనివ్వండి సార్. ఒక్క మాట."

"అధికారికంగా అక్కడ ఏమీ జరగలేదు," అన్నాడు చీఫ్. "జరగనిదాన్ని ఎలా చెప్తావు?"

ఆదివారం అక్క ఇంటికి వెళ్లాడు. అక్క తలుపు తీసి, అతన్ని గుమ్మం బయటే వదిలి లోపలికి వెళ్లిపోయింది. బావ గుమ్మంలోకి వచ్చాడు. మూడు రోజుల్లో పదేళ్లు మీద పడ్డాయి. లోపల నేలమీద పెడల్స్ లేవు, గోడకి గిటార్ లేదు. ఏం చేశావని అడిగే ధైర్యం ముంగిసకి లేకపోయింది.

"ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు," అన్నాడు బావ. గొంతులో కోపం లేదు, అదే భరించలేకపోయాడు ముంగిస. "అంత నేర్పాను. నాకు అప్పజెప్పావు కూడా. ఆ వైర్లు తెలిసి మార్చావా, తెలియక మార్చావా?"

ముంగిస నోరు తెరిచాడు. లిఫ్ట్ గోతిలో పడిన మనిషి, బాంబు, మూడు సెకన్లు, అన్నీ నాలుక చివరిదాకా వచ్చాయి.

"తెలియక బావా. కంగారులో మర్చిపోయాను."

బావ ఒక చేత్తో తలుపు పట్టుకున్నాడు. నెమ్మదిగా తల ఊపాడు.

"తెలిసి చేశానని చెబుతావనుకున్నానురా. నీకేదో పెద్ద కారణం ఉండే ఉంటుందని సర్దిచెప్పుకునేవాణ్ణి."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు వినపడింది.

ఆ నెలలో దేశంలో ఎక్కడా ఏమీ జరగలేదు. ఏమీ జరగకుండా చూడటమే ముంగిస ఉద్యోగం. అందులో అతనికి ప్రమోషన్ కూడా ఇచ్చారు.