నల్లపెట్టెలో వరి మొలక

"పాలవాడొచ్చాడా?" ఫోన్‌లో చీఫ్ కోదండరామయ్య గొంతు.

"వచ్చాడండీ. నీళ్లే ఎక్కువ."

కోడ్ సరిపోయింది. వసంత్ కుంజ్‌లోని రహస్య ల్యాబ్‌లో ఏసీ మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంట్ కిరీటి స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు. అతను వేషం కట్టాడంటే అద్దం కూడా "ఎవరు కావాలండీ?" అని అడిగి గానీ ముఖం చూపించదు.

"ఇవాళ తూస్తే నల్లపెట్టె బరువు తగ్గింది, లోంచి మొలకొకటి పోయిందయ్యా. విదేశీ ముఠా పని. తాళంచెవి నిన్న మన వైశాలి దగ్గరుంది, పొద్దున్నుంచి సైంటిస్ట్ మైథిలి దగ్గర. నిన్న అన్నీ ఉన్నాయని వైశాలి రిపోర్టు. మైథిలిని అరెస్ట్ చెయ్యి."

ముఠాలో మన మనిషిగా తిరిగే వైశాలి సామాన్యురాలా! ఆమె నవ్విందంటే కన్నాట్ ప్లేస్‌లో ట్రాఫిక్ ఎర్రదీపం ఆరడం మరిచిపోతుంది.

ఫోన్‌లోంచి వినబడ్డ మాటలకు ఎదురుగా ఉన్న మైథిలి చేతులు అడ్డంగా ఊపింది. "నేను తియ్యలేదండీ! అది ఎండకు లొంగని వరి. చీకట్లో పాలిపోయి ఉంటుంది. వెలుతురు తగిలితే, మామూలు మొలకకి పూటంతా పట్టే పచ్చదనం దీనికి టీ చల్లారేలోపే వస్తుంది. కన్నబిడ్డలా పెంచుకున్నదాన్ని, నేనెందుకు అమ్ముకుంటాను?"

కిరీటి పెట్టె మూత ఎత్తి టార్చి వేశాడు. ఆకుల కొసలు పచ్చగా ఉన్నాయి. మొదళ్లు మాత్రం బొటనవేలంత మేర తెల్లగా ఉన్నాయి.

"ఆకు ఎటునుంచి పెరుగుతుందండీ?"

"గడ్డిజాతి కదా, మొదలు దగ్గర్నుంచే. కొస పాతది. కొత్తది పుట్టి దాన్ని పైకి నెడుతుంది."

"ఇంత తెలుపు పెరగాలంటే?"

"ఒక రాత్రి..." మైథిలి చప్పున పెట్టె మీదికి వంగింది.

"ఇవాళ తెరిచి ఉంటే మొదళ్లూ పచ్చబడేవి, పెట్టె నిన్ననే తెరిచారు. మూత పడ్డాక పెరిగిందే ఈ తెలుపు. చీఫ్, వైశాలి ఎక్కడ?"

"ఎయిర్‌పోర్టులో. ముఠాతో మీటింగంది. బోర్డింగ్ మొదలైందయ్యా!"

కిరీటి బైకెక్కాడు. అతను దాటిపోయిన చాలాసేపటికి గానీ బండి చప్పుడు దారిలోని మహిపాల్‌పూర్ చేరలేదు.

గేటు దగ్గర వైశాలి చిరాగ్గా నవ్వింది. "అరే కిరీటీ జీ, యే క్యా డ్రామా హై? బ్యాగ్ చూసుకోండి."

బ్యాగులో ఏమీ లేదు. ఆమె గుప్పిట్లో లిప్‌స్టిక్ ఉంది. పెదాలకు మాత్రం రంగు లేదు.

కిరీటి గొట్టం మూత తీశాడు. తడి దూదిలో మొలక. కొస పచ్చన, మొదలు తెల్లన.

"వీట్‌గ్రాస్, బాబా. స్కిన్‌కి మంచిది. కాదని ప్రూవ్ చెయ్యండి, లేదా నన్ను వెళ్లనివ్వండి."

లాస్ట్ కాల్ వినిపించింది. కిరీటి టార్చి మొలక మీద నిలిపి, పక్క కౌంటర్ వైపు చెయ్యెత్తాడు. "భయ్యా, ఏక్ చాయ్."

టీ వచ్చింది. మొలక మొదలు ఇంకా తెల్లగానే ఉంది. గేటు ఉద్యోగి తలుపు సగం మూశాడు. వైశాలి ఒక అడుగు ముందుకు వేసింది.

అప్పుడు ఆ తెల్లటి మొదలు మీద చిలకపచ్చ చార ఒకటి పాకింది. ఆపై రెండోది. చూస్తుండగానే ఆకంతా పచ్చబడింది.

"మీ వీట్‌గ్రాస్‌కి బాగా తొందర మేడమ్," అంటూ కిరీటి బేడీలు తీశాడు. వైశాలి ముఖం చీకట్లో పెరిగినట్టు పాలిపోయింది.

ఫోన్ మోగింది. మైథిలి.

"దొరికిందా అండీ? అమ్మయ్య! పెట్టెలోవి మీ టార్చితో పచ్చబడ్డాయి, ఇక అదొక్కటే దిక్కు. దానికి మళ్లీ వెలుతురు తగలనివ్వలేదు కదా? తగిలితే నా ప్రయోగమంతా మొదటికొస్తుంది!"

ముఠాలను గడగడలాడించిన కిరీటి టీ గుక్క మింగాడు. నాలుక చుర్రుమంది. ఆ పిల్ల మాట నిజమే, టీ ఇంకా చల్లారలేదు.