రెండు రెప్పలంటే వద్దు

చెల్లెల్ని ఒక్క పిల్లిమొగ్గ వేయనివ్వలేదని, ఆ రోజు పిల్లల జిమ్‌లో అక్క పైకప్పు లేచిపోయేలా అరిచింది.

అక్కకి అసలే ముక్కు మీద కోపం. చేసేది టైలరింగు, కత్తెర కన్నా నోరే పదును. ఇక బుల్లి సంగతైతే అడగక్కర్లేదు. బుల్లి ఆమె చెల్లెలు, ఎనిమిదేళ్లు, డౌన్ సిండ్రోమ్ పిల్ల. దాన్ని ఎవరైనా తేడాగా చూశారా, అయిపోయారే!

"అందరూ దొర్లుతుంటే మా బుల్లి ఒక్కతే గోడ పక్కన కూర్చోవాలా? దానికేం తక్కువండీ?"

"తక్కువేం లేదండీ. మెడ ఎక్స్‌రే ఒకటి తెస్తే చాలు" అన్నాడు జిమ్ మాస్టారు.

"పిల్లిమొగ్గకి ఎక్స్‌రేనా! రేపు గంతేస్తే స్కానింగ్ అడుగుతారా?"

"ఇలాంటి పిల్లల్లో కొందరికి మెడ పైన ఎముకలు వదులుగా ఉంటాయి. పైగా బుల్లి లేచేటప్పుడు గడ్డం కింద చెయ్యి ఆనిస్తోంది. మీరు చూడలేదా?"

అక్క చూసింది. ముద్దొచ్చి ఫోటో కూడా తీసుకుంది. ఆ మాట మాత్రం బయటికి చెప్పలేదు.

"ఎక్స్‌రే బాగుంటే?"

"మీరు ఇవాళ ఎన్ని తిట్లు తిట్టారో అన్ని పిల్లిమొగ్గలు నేనే వేస్తా. బుల్లి మీద ఒట్టు."

"మా బుల్లి మీద మీరు ఒట్టేయడమేంటి!" అని ఇంకొకటి తిట్టి మరీ వచ్చేసింది.

ఎక్స్‌రే బాలేదు.

"పై రెండు ఎముకలు జారుతున్నాయమ్మా. తల వంచినప్పుడల్లా వెన్నుపాము నలుగుతోంది" అంది డాక్టరమ్మ. "ఈమధ్య నడకలో తడబడుతోందా? పక్క తడుపుతోందా?"

రెండూ ఉన్నాయి. బద్ధకం అనుకుని అమ్మ రెండు నెలలుగా కసురుతోంది. అమ్మ అక్కడే కుర్చీలో కూలబడిపోయింది.

"ఆ రెండిటినీ స్క్రూలతో బిగిస్తాం. తుంటి దగ్గర్నుంచి చిన్న ఎముక ముక్క తీసి మధ్యలో పెడితే, అన్నీ కలిసి అతుక్కుంటాయి. తల పక్కకి తిప్పడం మాత్రం బాగా తగ్గుతుంది."

"ప్రమాదం లేదా అండీ?"

"ఉంది. చేయకపోతే ఇంకా ఎక్కువుంది."

"పిల్లిమొగ్గ వేసి ఉంటే?" అంది అక్క.

"వేయలేదుగా. వేయనివ్వనిది ఎవరో గానీ, ముందు వాళ్లకో దండం పెట్టండి."

ఆపరేషన్ రోజు ఆ దండం అందుకోవాల్సిన మాస్టారు పిలవకుండానే వచ్చాడు. ఆరు గంటల సేపు థియేటర్ బయట బెంచీకి ఆ చివర అతను, ఈ చివర అక్క. తలుపు తెరుచుకుని డాక్టరమ్మ నవ్వుతూ కనిపించేసరికి ఇద్దరూ బెంచీ మధ్యలో ఉన్నారు. ఎవరు ఎప్పుడు జరిగారో ఇప్పటికీ తేలలేదు.

బుల్లి తల చుట్టూ రింగు, రింగుకి నాలుగు కడ్డీలు, ఒంటికి గట్టి జాకెట్టు పెట్టారు. మూడు నెలలు తల అడ్డంగా ఊపడానికి లేదు, నిలువుగా ఊపడానికి లేదు. మూతి ముడుచుకుని కూర్చున్న బుల్లికి మాస్టారే ఉపాయం చెప్పాడు.

"ఒకసారి రెప్ప వేస్తే సరే. రెండుసార్లు వేస్తే వద్దు. టీవీ పెట్టనా?"

ఒక రెప్ప.

"ఇంజెక్షన్ చేయించనా?"

టపటపా ఇరవై రెప్పలు, వాటితో పాటు ఏడుపు.

"కన్నీళ్ల రెప్పలు లెక్కలోకి రావమ్మా. కళ్లు తుడుచుకో, మళ్లీ అడుగుతా."

ఆ రెప్పల రోగం ఇంటిల్లిపాదికీ అంటుకుంది. అమ్మ ఫోనులో మాట్లాడుతూ కూడా రెప్పలు వేసేది.

బుల్లి కోసం అక్క ముందు వైపు పూర్తిగా తెరుచుకునే గౌన్లు కుట్టేది. మాస్టారు సాయంత్రాలు వచ్చి బొత్తాలు అందించేవాడు, సగం కింద పడేసేవాడు.

"ఆ రోజు నేనన్న మాటలు..." అంది అక్క ఓసారి సూదిలోకి దారం ఎక్కిస్తూ.

"పదకొండు."

"లెక్కపెట్టారా!"

"ఎక్స్‌రే బాగుంటే వేయాలిగా మరి."

అక్కకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. "అందరూ నా నోటికి భయపడి 'పోనీలే' అంటారు మాస్టారూ. మీరొక్కరే వద్దన్నారు. ఆ ఒక్క వద్దే మా బుల్లిని మాకు మిగిల్చింది. నిండు నూరేళ్లు చల్లగా ఉండండి."

"ఒక్కణ్ణే ఉండాలా?" అనేసి, నాలుక కరుచుకుని, కింద లేని బొత్తాం కోసం వెతికాడు.

మూడు నెలలకి రింగు తీశారు. కొత్త ఎక్స్‌రేలో ఎముకలు గట్టిగా అతుక్కున్నాయి. బుల్లి తడబడకుండా కారిడార్ చివరిదాకా నడిచి, మెడ తిరగదు కాబట్టి మనిషంతా తిరిగి, దర్జాగా వెనక్కి వచ్చింది.

బయట సన్నగా తుంపర. మాస్టారు చెప్పులు విడిచి, ఆసుపత్రి ముందు పచ్చికలో పిల్లిమొగ్గలు మొదలెట్టాడు. ఒకటి, రెండు, మూడు... బుల్లి లెక్కపెడుతోంది. సెక్యూరిటీ అతను ఈల వేయబోయి ఆగిపోయాడు. పదకొండోది అయ్యాక లేచాడు, నెత్తి నిండా బురద.

"తల తిరుగుతున్నప్పుడే అడిగేయాలి, తర్వాత ధైర్యం చాలదు. నన్ను పెళ్లి చేసుకుంటారా?"

అంత నోరున్న అక్క అతని నెత్తి మీది బురద వైపే చూసింది. కళ్లు నిండిపోయాయి. రెప్ప పడింది, లేచింది, మళ్లీ పడింది.

రెండు.

మాస్టారి ముఖం వాడిపోయింది. "పర్లేదండీ" అంటూ చెప్పుల కోసం చూశాడు.

బుల్లి మనిషంతా తిరిగి అతని చొక్కా పట్టుకుంది. "మాస్టారూ! కన్నీళ్లు లెక్క కాదు! మళ్లీ అడుగు!"

మళ్లీ అడిగాడు. అక్క చున్నీతో కళ్లు శుభ్రంగా తుడుచుకుని, అతని వైపు చూసి, ఒక్కటంటే ఒక్క రెప్ప వేసింది. అతను అమ్మ వైపు చూశాడు. అమ్మదీ ఒకటే రెప్ప. "ముందు ఆ బురద కడుక్కో నాయనా" అంది.

"మరి నేను? పిల్లిమొగ్గ?" అంది బుల్లి.

అమ్మ, అక్క, మాస్టారు ముగ్గురూ ఒక్కసారే రెండు రెప్పలు వేశారు.

బుల్లి పడీపడీ నవ్వింది. "అయితే నాది కూడా నువ్వే వెయ్యి!"

మాస్టారు పన్నెండోదానికి వంగాడు.