తొక్కే పెట్టె మీద పేరు

ఆ అబ్బాయి స్టీలు టిఫిన్ బాక్సును షాపు ముందు నేల మీద పెట్టి, దాని మీద కాలు మోపాడు. మూత లోపలికి సొట్టబోయింది. కౌంటర్ వెనకాల కోదండం లేచి నిలబడ్డాడు.

"ఏంది తమ్మి, అన్నం తినే గిన్నెను తొక్కుతున్నవ్?"

"చూస్తున్న అంకుల్. ఆగుతదా లేదా అని."

"ఏది ఆగాలె? నా చెయ్యా?"

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆ స్టీలు సామాన్ల షాపు పెట్టి ఇరవై ఏళ్ళు. కొట్టి చూసి కొన్నవాళ్ళున్నారు, తూచి కొన్నవాళ్ళున్నారు. తొక్కి చూసి కొనేవాడు రావడం అదే మొదలు. మూలన కూర్చుని గిన్నెల మీద పేర్లు కొడుతున్న సుచిత్ర మిషన్ ఆపింది. నవ్వు వచ్చింది. బాబాయి చూస్తాడని బిందె చాటుకు ముఖం తిప్పుకుంది.

సుచిత్ర కోదండం అన్న కూతురు. పోచంపల్లి దగ్గరి ఊళ్ళో మగ్గాల చప్పుడు మధ్య పెరిగి, అక్కడి సర్కారు బడిలో చదివి, డిగ్రీ కోసం వనస్థలిపురంలోని బాబాయి ఇంటికి వచ్చింది. ఇప్పుడు రెండో సంవత్సరం. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి షాపు. చేతిరాత గుండ్రంగా ఉంటుందని బాబాయి పేర్ల మిషన్ ఆమెకే అప్పగించాడు. మాట మాత్రం తక్కువ. "మా పిల్ల కంటె దాని మిషనే ఎక్కువ మాట్లాడతది" అని చిన్నమ్మ రాజేశ్వరమ్మ కనబడిన వాళ్ళందరికీ చెబుతుంది.

కోదండం కోపం కాస్త దిగాక అబ్బాయి తన సంగతి చెప్పుకున్నాడు. పేరు క్రాంతికుమార్. ఉండేది ఎల్.బి.నగర్. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా అయిపోయింది. గిటార్ పెడల్ చేస్తున్నాడు. అంటే గిటార్‌కూ స్పీకర్‌కూ మధ్య ఉండే చిన్న పెట్టె. వాయిస్తూ కాలితో స్విచ్ నొక్కితే తీగ గొంతు మారిపోతుంది. లోపలి సర్క్యూటంతా తనే చేశాడు. దాన్ని పెట్టడానికే సరైన పెట్టె దొరకడం లేదు.

మొదట ప్లాస్టిక్ డబ్బాలో పెట్టాడట. ఎల్.బి.నగర్‌లో మ్యూజిక్ స్కూల్ నడిపే సాంబమూర్తి గారికి వినిపిద్దామని వెళితే, పైనున్న ట్యూబ్‌లైట్ల గోలంతా ఆ ప్లాస్టిక్‌లోకి దూరి, స్పీకర్లో తేనెతుట్టె లేచినట్టు గుయ్యిమందట. పిల్లలు పడీపడీ నవ్వారు. సాంబమూర్తి గారు మాత్రం నవ్వలేదు. ఆ గోల లోపలికి దూరకుండా లోహపు పెట్టెలో పెట్టి తెమ్మన్నారు, ఆదివారం స్కూలు వార్షికోత్సవంలో అందరి ముందూ వాయించమన్నారు. గోల రాకపోతే తన పిల్లలకు పది పెడల్స్ చేయించుకుంటానన్నారు. వస్తే ఇక ఆ మాటే ఎత్తవద్దన్నారు. ఆన్‌లైన్‌లో తెప్పించిన పెట్టె కొలత తప్పి వచ్చింది. ఆదివారానికి ఆరు రోజులే ఉన్నాయి.

కోదండం అంతా విన్నాడు. విని కూడా, కూడు తినే వస్తువును కాళ్ళ కింద వేయడానికి తన చేత్తో ఇవ్వనన్నాడు.

అప్పుడు మూల నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది.

"పేరు పడని గిన్నె ఎవ్వరిది కాదని నువ్వే అంటవు గద బాబాయ్. అప్పటిదాంక అది ఉత్త రేకే."

షాపులో ఆమె నోటి నుంచి అంత పొడుగు మాట రావడం కోదండం ఎన్నడూ వినలేదు. క్రాంతి అటు తిరిగి చూశాడు. చూసి, చేతిలో ఉన్న సొట్ట బాక్సు సంగతి మరిచిపోయాడు.

ఇంతలో మెట్రో పిల్లర్ల మధ్య వాన దిగింది. ఇక బయటికి పొమ్మనడానికి కోదండానికి వీల్లేకపోయింది.

గంటసేపు డబ్బాలు దిగుతూనే ఉన్నాయి. స్టీలుకు రంధ్రం వేస్తే డ్రిల్ బిట్లు విరుగుతున్నాయన్నాడు క్రాంతి. పోపుల పెట్టె గుండ్రం, కాలు పెడితే గిర్రున తిరిగింది. బిస్కెట్ల డబ్బా రేకు పలుచన. తమలపాకుల ఇత్తడి పెట్టె ముద్దుగా ఉంది కానీ, దాన్ని తొక్కుతానంటే కోదండం మళ్ళీ లేచేలా ఉన్నాడు.

సుచిత్ర నిచ్చెన వేసుకుని అటక ఎక్కింది. పాత స్టాకులోంచి దుమ్ము పట్టిన అల్యూమినియం లంచ్ బాక్సు ఒకటి దించింది. చిన్నది, నలుచదరంగా, బరువుగా ఉంది. బొటనవేలితో మూత నొక్కింది. టక్కుమని వంగి లేచింది. తిప్పి అడుగు నొక్కింది. కదల్లేదు.

"అడుగు దిట్టంగ ఉంటది. మూత పలుచన. మీరు మూత మీద తొక్కుతున్నరు. తిప్పి పెట్టుండ్రి."

క్రాంతి తిప్పి పెట్టి కాలు మోపాడు. బరువంతా వేశాడు. పెట్టె కిమ్మనలేదు. కంపెనీ పెడల్స్‌కు కూడా మూత అడుగునే ఉంటుందని, వంద ఫోటోలు చూసి కూడా తనకు ఈ సంగతి తట్టలేదని నెత్తి కొట్టుకున్నాడు.

"మీరు ఎలక్ట్రానిక్సా?"

"బీకాం."

తర్వాత ఏదో ఒక పని మీద రోజూ వచ్చాడు. మంగళవారం రంధ్రాలు ఎక్కడ పడాలో ఆమెతో గుర్తులు పెట్టించుకున్నాడు. బుధవారం ఏ పనీ లేదు. వాన పడుతోందని ఆగానన్నాడు. ఆ రోజు ఎండ మండిపోతోంది. అన్నం డబ్బా తెచ్చిన రాజేశ్వరమ్మ అతన్ని ఎగాదిగా చూసి, కొన్నది ఒక్క డబ్బా, కూర్చున్నది మూడు పూటలు అని లెక్క తేల్చింది. సుచిత్ర చెవులు ఎర్రబడ్డాయి.

గురువారం ఆమె కాలేజీ నుంచి రాకముందే క్రాంతి వచ్చి పెట్టె, ఒక మడత కాగితం బాబాయి చేతికి ఇచ్చి వెళ్ళాడు. ప్రతి పెడల్‌కూ ఒక పేరు ఉంటుందట, ఆ పేరు కొట్టాలట. సుచిత్ర కాగితం విప్పింది. పెట్టె బొమ్మ గీసి ఉంది. పైన చేత్తో తిప్పే నాబ్‌లు మూడు, కింద స్విచ్. సరిగ్గా స్విచ్ పక్కన, కాలు పడే చోట, 'సుచిత్ర' అని రాసి ఉంది.

ఆమె చేతిలో మిషన్ సూది గాలిలోనే ఆగిపోయింది.

పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే ఇంట్లో పెరిగిన పిల్ల. రోడ్డు మీద పేపర్ ముక్క కనబడినా పక్క నుంచి పోతుంది. అటువంటిది, ఆదివారం వందమంది చూస్తుండగా ఒక బూటు వచ్చి తన పేరు మీద పడుతుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా గుండెలో ముల్లులా గుచ్చుకున్నది అదొక్కటే కాదు. ఆ రెండోది ఏమిటో ఆమెకు అప్పుడు మాటల్లో అందలేదు.

కాగితం మడిచి పెట్టెలోనే పెట్టింది. శుక్రవారం షాపుకు రాలేదు. శనివారమూ రాలేదు. తలనొప్పి అని చిన్నమ్మకు చెప్పింది.

శుక్రవారం వచ్చిన క్రాంతికి కోదండం పెట్టె ఉన్నదున్నట్టు వాపసు ఇచ్చాడు.

"పిల్ల కొట్టలే. అక్షరం మీద కాలు పెడతరా తమ్మి ఎవరన్న?"

క్రాంతి పన్నెండేళ్ళ వయసు నుంచి పేర్లున్న పెడల్స్ ఫోటోలు చూస్తున్నాడు. అతనికి తెలిసిన గౌరవాల్లో అంతకన్నా పెద్దది లేదు. అందుకే ఆ పేరు పెట్టాడు. అది ఎలా చెప్పాలో తెలియక, ఆమె తలనొప్పికి ఏ మాత్ర వేసుకుందని అడిగాడు. కోదండం ప్రోగ్రాం ఎన్ని గంటలకని మాత్రం అడిగాడు.

ఆదివారం సాయంత్రం సుచిత్రను స్కూటర్ ఎక్కమన్నాడు బాబాయి. మన షాపు గిన్నె మోగుతుందో గుయ్యిమంటుందో చూసొద్దామన్నాడు. ఆమె కాదనలేదు.

హాలు చిన్నది. పైన వరసగా ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. సుచిత్ర వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది. కోపం కోపమే, కానీ ఆ గోల రాకూడదు.

క్రాంతి స్టేజీ ఎక్కి బూట్లు విప్పి పక్కన పెట్టాడు. మోకాళ్ళ మీద కూర్చుని, పేరు పడని ఆ పెట్టెను చేత్తో తాకి కళ్ళకద్దుకున్నాడు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. లేచి, ఉత్త కాలి వేలితో స్విచ్ నొక్కాడు.

స్పీకర్ ఊపిరి తీసినంత చప్పుడు కూడా లేదు. తర్వాత తీగ మోగింది. వేసవి మధ్యాహ్నం రేకుల కప్పు మీద మొదటి వాన పడ్డట్టు గరగరమని మొదలై, మెల్లగా పాటగా మారింది. పాట అయిపోయాక సాంబమూర్తి గారు ముందు వరసలోంచి పది వేళ్ళూ ఎత్తి చూపించారు.

హాలు మెట్ల మీద క్రాంతి ఆమెను ఆపాడు.

"తప్పయింది. అది గౌరవం అనుకున్న. తొక్కుడు సంగతి మతికే రాలే."

"తొక్కుతరని జర కోపం వచ్చింది. ఎక్కువ వేరే దానికి."

"దేనికి?"

"నా పేరు నన్ను అడగకుండ రాసినందుకు. అడిగితే చెప్దును గద."

"ఏమని చెప్దువు?"

"అడగలే గద."

క్రాంతి పది పెడల్స్‌కు పది పెట్టెలు కావాలని, తనకు సర్క్యూట్ తప్ప పెట్టె చూడటం చేతకాదని, ఆమె ఎంచి పెడితే బాగుంటుందని, ఆ తర్వాత కూడా పెట్టెలు అవసరమవుతూనే ఉంటాయని, చాలా ఏళ్ళు అవసరమవుతాయని చెప్పుకొచ్చాడు.

"గిట్ల మెట్ల మీద అడుగుతరా? బాబాయి ఉన్నప్పుడు అడుగుండ్రి."

"ఉన్న గద," అన్నాడు కోదండం వెనక నుంచి. చేతిలో హెల్మెట్ ఉంది. ఎప్పటి నుంచి నిలబడ్డాడో తెలియదు. "అడుగు తమ్మి."

క్రాంతికి వచ్చిన తెలుగూ ఇంగ్లీషూ రెండూ పోయాయి. పెట్టెలు అంకుల్, అన్నాడు. అక్కడే ఆగిపోయాడు.

సుచిత్ర బాబాయి వైపు తిరిగింది.

"బాబాయ్, ఈయనకు పది పెట్టెలు కావాల్నట. నన్ను ఎంచి ఇయ్యమంటున్నడు. నాకు ఇష్టమే."

"ఇష్టం దేనికి? పెట్టెలకా, పిలగానికా?"

"రెంటికి."

కోదండం గబగబా హెల్మెట్ పెట్టుకున్నాడు. అందులో ముఖం కనబడదు కాబట్టి నవ్వాడో లేదో చెప్పడం కష్టం.

"పెట్టెలకు నేను చాలు. రెండో దానికి ఊళ్ళె మీ నాయన ఉన్నడు, నీ డిగ్రీ ఉన్నది. అదయ్యేదాంక ఏం మాట్లాడుకున్నా షాపుల కూసొని, నా ముంగట."

స్కూటర్ కదిలింది. పది గజాలు పోయాక సుచిత్ర వెనక్కి తిరిగింది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, పల్లీల బండి దగ్గరి వాళ్ళు అందరూ చూస్తున్నారు. అయినా గొంతు తగ్గించలేదు.

"రేపు రాకుండ్రి. నాకు పరీక్ష ఉన్నది. ఎల్లుండి రాండ్రి."