ఫైబర్ పడవకు చేప నూనె

బడి నుంచి వచ్చిన కరుణాకుమారి వీధి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. పెరట్లో నుంచి చెవులు చిల్లులు పడే చప్పుడు వస్తోంది. కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ గోడ దాటుతున్నాయి. వాళ్ళమ్మ ఎలిశబెతు రెండు చెవులూ మూసుకుని వంటింటి గడపలో నిలబడి ఉంది.

పెరట్లో నీళ్ళ డ్రమ్ములో ఒక పడవ మోటారు తిరుగుతోంది. నీళ్ళు పైకెగిరి, తీగ మీద ఆరేసిన దుప్పట్లన్నీ తడిసిపోయాయి. పక్కనే వాళ్ళ నాన్న జకరయ్య తల నుంచి పాదాల దాకా తడిసి, నవ్వుతూ నిలబడి ఉన్నాడు.

"పలికింది పాపా. ఇన్నేళ్ళకు పలికింది" అన్నాడు.

"దుప్పట్లు కూడా పలకతా ఉండాయి, మళ్ళీ ఉతకమని" అంది ఎలిశబెతు.

జకరయ్య తడ ఊరి చుట్టుపక్కల పొలాల్లో ఆయిలింజన్లు బాగుచేస్తాడు. ఇంజన్లు బాగుచేసేవాడి ఇంట్లో పడవేమిటని మీరు అడగవచ్చు. ఊరంతా అదే అడిగింది. ఆసుపత్రిలో పని చేసిన దొరగారు ఒకరు ఎప్పుడో సముద్రం అవతలి నుంచి ఆ మోటారు పడవను తెప్పించుకున్నారు. ఆయన తమ దేశం వెళ్ళిపోయాక అది ఆసుపత్రి వెనక బోర్లా పడి ఉండిపోయింది. అడుగున మూరెడు పగులు. నర్సు రెబెక్కమ్మ గారు "దీన్ని బాగుచేయగలవా జకరయ్యా" అని ఊరికే అడిగిన పాపానికి, ఈయన మర్నాడే దాన్ని ఎద్దుల బండి మీద ఇంటికి తెచ్చేశాడు.

ఊరికే కూడా కాదులెండి. పులికాట్ సరస్సు మధ్యలో ఇరకం దీవి ఉంది. అక్కడ పురుడు వచ్చినా, జ్వరం వచ్చినా రెబెక్కమ్మ గారే వెళ్ళాలి. గాలి ఉంటే తెరచాప పడవ బాగానే పోతుంది. గాలి లేకపోతే గెడ వేసి తోసుకుంటూ పోవాలి. పోయిన వేసవిలో అలా తోసుకుంటూ వెళ్ళేసరికి ఒక బిడ్డ దక్కలేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటారు.

పడవను చూడడానికి వచ్చినవాళ్ళు నోళ్ళు తెరిచారు. అందులో చెక్క లేదు, మేకు లేదు. జాలరి ఓబయ్య వేలి కణుపుతో తట్టి చూశాడు.

"ఏం చెట్టు ఇది?"

"చెట్టు గాదు ఓబయ్యా, గాజు. గాజును దారం తీసి, బట్ట నేసి, దానికి బంక పట్టిస్తారు. ఫైబర్ అంటారు" అన్నాడు జకరయ్య.

ఎండదెబ్బ గాని తగిలిందేమోనని ఓబయ్య ఆయన మొహంలోకి చూశాడు. "గాజు గాబట్టే పగిలింది" అని తేల్చేసి వెళ్ళిపోయాడు.

జకరయ్య మద్రాసు వెళ్ళి ఒక చిన్న డబ్బా బంక, కొంచెం గాజు బట్ట తెచ్చాడు. పగులు చుట్టూ ఉప్పుకాగితంతో రుద్ది రుద్ది గరుకు చేశాడు. శనివారం సాయంత్రానికి అక్కడంతా తెల్లగా, పొడి పొడిగా తయారైంది.

"సోమవారం పొద్దున పట్టీ వేస్తా. అందాకా దీన్ని ఎవరూ తాకబాకండి" అన్నాడు.

ఎందుకు తాకకూడదో ఆయన చెప్పలేదు, కరుణ అడగలేదు. గాజు పొడి ఒంటికి తగిలితే దురద పుడుతుంది కాబట్టి కాబోలు అనుకుంది.

ఆదివారం మధ్యాహ్నం కరుణ సరస్సు ఒడ్డుకు వెళ్ళింది. ఓబయ్య తన చెక్క పడవను ఒడ్డుకు లాగి, గోనెగుడ్డతో చేప నూనె పట్టిస్తున్నాడు. ఆ వరసలో ఉన్న పడవలన్నీ నూనె పూసుకుని నల్లగా నిగనిగలాడుతున్నాయి.

"ఎందుకు మామా, ఇంత నూనె?"

"నూనె తాగని పడవ నీళ్ళు తాగతాది పాపా. మా తాత కాడ నుంచీ ఇదే మాట."

కరుణకు వాళ్ళ పెరట్లో తెల్లగా ఎండిపోయి ఉన్న పడవ గుర్తొచ్చింది. పాపం, దానికి ఎవరూ చుక్క నూనె పెట్టలేదు. నాన్న ఇంజన్ల మనిషి, ఆయనకు పడవల సంగతి ఏం తెలుసు?

"నాకు కొంచెం నూనె ఇస్తావా మామా?"

ఓబయ్య ఎందుకని అడగలేదు. కొబ్బరి చిప్పలో పోసి ఇచ్చాడు.

ఇంట్లో ఎవరూ లేరు. అమ్మానాన్నలు ప్రార్థన కూటానికి వెళ్ళారు. కరుణ గుడ్డపేలిక నూనెలో ముంచి, నాన్న గరుకు చేసిన చోటంతా శ్రద్ధగా రుద్దింది. తెల్లటి చోటు నూనె తాగి రంగు మారింది. తర్వాత పొడిగుడ్డతో గట్టిగా తుడిచేసరికి మళ్ళీ మామూలుగానే కనబడింది. పడవ నీళ్ళ మీద పరుగెత్తే రోజున "నేనూ ఒక చెయ్యి వేశాను" అని చెప్పి అందర్నీ ఆశ్చర్యపరచాలని ఆ పిల్ల ఆశ.

"ఏంది ఈ నీచు వాసన?" అని సాయంత్రం ఎలిశబెతు పెరడంతా తిరిగింది. చివరికి పిల్లి మీద అనుమానపడి దాన్ని తరిమేసింది.

సోమవారం పట్టీ పడింది. మర్నాటికి రాయిలా గట్టిపడింది. జకరయ్య సుత్తితో తట్టి చూసుకుని మురిసిపోయాడు. అంతా నా నూనె చలవే అని కరుణ లోలోపల మురిసిపోయింది.

ఆ సాయంత్రం రెబెక్కమ్మ గారు చూడడానికి వచ్చారు. కరుణ మంచినీళ్ళు తెచ్చింది.

"ఎంత గట్టిగా ఉందో" అన్నారు ఆవిడ, పట్టీ మీద చెయ్యి వేసి.

"గట్టితనం గొప్ప గాదక్కా, అతకడం గొప్ప. ఈ బంకకు జిడ్డు పడదు. అన్నం తిన్న చేత్తో తాకినా పట్టదని మద్రాసు అంగడాయన మరీ మరీ చెప్పినాడు. అందుకే ఆ పొద్దు సద్దికూడు గూడా తినకుండా, సబ్బుతో చేతులు కడుక్కోని దిగినా పనిలోకి."

"జిడ్డుంటే అప్పుడే తెలిసిపోతాది గదా?"

"తెలవదక్కా, అదే మోసం. పైకి అతికినట్టే ఉంటాది. నీళ్ళల్లోకి పొయ్యి, మోటారు అదిరినప్పుడు ఊడతాది."

కరుణకు ఆదివారం తను నూనెతో రుద్దిన చోటు గుర్తొచ్చింది. చెప్పెయ్యాలని నోరు తెరిచింది. నాన్న మొహం చూసింది. ఆయన అంత సంతోషంగా ఉండడం ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది.

"శనివారం నేనొక్కణ్ణే ఒడ్డు పక్కన నడిపి చూస్తా. అది అయినాకనే నిన్ను ఎక్కించేది" అంటున్నాడు జకరయ్య.

భయపడిన మనసు సందులు వెతకడంలో మహా గడుసుది. కరుణకు వెంటనే ఒక సందు దొరికింది. శనివారం నాన్న ఒక్కడే ఉంటాడు. ఒడ్డు పక్కన నడుం లోతు నీళ్ళే. ఊడితే అక్కడే ఊడుతుంది. అందరూ బంకదే తప్పు అనుకుంటారు. తను నోరు విప్పే పనే ఉండదు.

అంత మంచి ఉపాయం దొరికాక హాయిగా ఉండాలి కదా. కానీ ఆ రోజు నుంచి కరుణకు అన్నం సయించలేదు. "కూర బాగలేదా?" అని వాళ్ళమ్మ అడిగితే, బాగుందని రెండు ముద్దలు మింగి లేచిపోయేది.

శుక్రవారం పద్మనాభయ్య మాస్టారు లెక్కలు చెబుతున్నారు. కరుణ కిటికీలో నుంచి రోడ్డు వైపు చూసింది.

ఎద్దుల బండి మీద పడవ పోతోంది. పక్కన నాన్న గబగబా నడుస్తున్నాడు. వెనకే రెబెక్కమ్మ గారు, చేతిలో పురుళ్ళ సంచి. ముందు ఎవరో కొత్త మనిషి దాదాపు పరుగెడుతున్నాడు.

ఈ రోజు శనివారం కాదు. నాన్న ఒక్కడే లేడు. వాళ్ళు ఒడ్డు పక్కన ఆగరు, దీవికే పోతున్నారు.

కరుణ లేచి నిలబడింది. "సార్, నేను పోవాల."

"ఎక్కడికమ్మా?"

"మా నాయన మునిగిపోతాడు సార్."

క్లాసు మొత్తం వెనక్కి తిరిగింది. మాస్టారి చేతిలో సుద్దముక్క కింద పడింది. "పరుగెత్తు" అన్నారు.

కరుణ రేవుకు చేరేసరికి పడవను ఇసుకలోకి దించేశారు. మోటారు తగిలించేశారు. గాలి అనేది లేదు. సరస్సు కదలకుండా పడి ఉంది. దీవి నుంచి వచ్చిన ఆ కొత్త మనిషి చేతులు నలుపుకుంటూ "రాత్రి నుంచి నొప్పులు పడతా ఉండాది మా చెంచులక్ష్మి" అని అన్న మాటే మళ్ళీ అంటున్నాడు. రెబెక్కమ్మ గారు సంచి పడవలో పెట్టి, ఒక కాలు లోపల వేశారు.

"ఎక్కబాకండి" అంది కరుణ రొప్పుతూ. "నాయనా, ఆ పట్టీ కింద నేను చేప నూనె రాసినా."

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. అక్కడే ఉన్న ఓబయ్య "ఏ నూనె?" అన్నాడు.

"నువ్వు ఇచ్చిందే మామా."

ఓబయ్య రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు.

జకరయ్య పడవను ఒక పక్కకు ఒరిగించాడు. జేబులో నుంచి చాకు తీసి పట్టీ అంచున దూర్చాడు. రాయిలా ఉన్న పట్టీ. సుత్తి దెబ్బకు చెక్కు చెదరని పట్టీ. ఒక్కసారి అలా ఎత్తేసరికి, పెనం మీద నుంచి దోశ లేచినట్టు మొత్తం లేచి చేతిలోకి వచ్చింది. దాని వెనక వైపు నున్నగా మెరుస్తోంది. కింద పగులు ఎప్పటిలాగే నోరు తెరుచుకుని ఉంది.

రెబెక్కమ్మ గారు ఇసుకలోనే కూలబడిపోయారు. నడి సరస్సులో ఇది జరిగి ఉంటే ఏమయ్యేదో అందరి కళ్ళకూ ఒకేసారి కనబడింది. జకరయ్య ఆ పట్టీని రెండు చేతుల్లో పట్టుకుని అలాగే చూస్తున్నాడు. కరుణకు ఆయన మొహం చూసే ధైర్యం లేకపోయింది.

ముందు లేచింది రెబెక్కమ్మ గారే. సంచి తీసుకుని, దీవి మనిషితో "నడువు అబ్బయా, నువ్వొచ్చిన పడవలోనే పోదాం" అన్నారు. ఓబయ్య పంచె ఎగ్గట్టి రెండో గెడ అందుకున్నాడు.

పడవ కదిలింది. అది ఎంత నిదానంగా పోతోందో చూస్తూ నిలబడడమే కరుణకు శిక్ష అయింది. ఎంతసేపు చూసినా అది అక్కడే ఉన్నట్టుంది.

"జిడ్డు పడదని నీకు ఎప్పుడు తెలిసింది?" అన్నాడు జకరయ్య.

"నర్సమ్మ గారితో చెప్పినావే, అప్పుడు."

"నూనె రాసినందుకు నేనేమీ అనను పాపా. ఈ ఊళ్ళో పుట్టినోళ్ళు ఎవరైనా అదే చేస్తారు. ఆ రోజే చెప్పుంటే, నేను మద్రాసు పొయ్యొచ్చి మళ్ళా వేసుండేవాణ్ణి గదా."

ఆయన తిట్టలేదు, కొట్టలేదు. అది ఇంకా బాధగా ఉంది. కరుణ ఇంటికి రమ్మన్నా రాలేదు. ఎండ దిగిపోయేదాకా ఒడ్డునే కూర్చుంది. ఆ చెంచులక్ష్మి ఎవరో, ఎలా ఉంటుందో తెలియదు. అయినా ఆమె కోసం తనకు వచ్చిన ప్రార్థనలన్నీ చేసింది.

పొద్దు వాలుతుండగా పడవ తిరిగి వచ్చింది. ఓబయ్య దూరం నుంచే చెయ్యి ఊపుతూ కేకేశాడు.

"ఆడపిల్ల. తల్లీబిడ్డా బాగుండారు."

కరుణ అప్పుడు ఏడ్చింది. రెబెక్కమ్మ గారు పడవ దిగి, ఆ పిల్ల తల మీద చెయ్యి వేశారు.

"బొటాబొటిన అందుకున్నాం. నువ్వు రాకపోయుంటే అదీ లేదు" అన్నారు.

"నేనైనా ఏ పడవకని అడగలా, చూడు" అని ఓబయ్య తనను తాను తిట్టుకున్నాడు.

మళ్ళీ మద్రాసు నుంచి బంక వచ్చేసరికి వానలు దగ్గరపడ్డాయి. జకరయ్య నూనె పట్టిన పొరంతా ఉప్పుకాగితంతో అరగదీసి, బట్టల సోడాతో కడిగి, స్పిరిట్‌తో తుడిచాడు. ఈసారి కరుణను తనే పిలిచాడు. "గాజు బట్ట రెండు కొసలూ పట్టుకో. నేను చెప్పినప్పుడు వదులు."

కరుణ సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చింది. జకరయ్య బంకలో గట్టిపడే మందు పోసి కలపడం మొదలుపెట్టాడు. కలిపాక కాఫీ తాగినంత సేపట్లో వాడెయ్యాలి. లేకపోతే గిన్నెలోనే రాయి అయిపోతుంది.

ఆ పొద్దున వాళ్ళమ్మ కరుణ తలకు కొబ్బరి నూనె దట్టంగా పట్టించి రెండు జడలు వేసింది. కరుణ గాజు బట్ట కొసలు సరిచెయ్యడానికి వంగింది. ఒక జడ భుజం మీద నుంచి జారి, పగులు పక్కన అలా తగిలి, ఇలా పైకి లేచింది.

నాన్న అటు తిరిగి ఉన్నాడు. అమ్మ వంటింట్లో ఉంది. ఎవరూ చూడలేదు. తగిలింది గోరంత చోటు. అక్కడ మచ్చ కూడా కనబడడం లేదు. బంక కలపడం అయిపోయింది, ఘాటు వాసన వస్తోంది. ఇప్పుడు ఆపితే ఆ గిన్నెడూ పారబోయవలసిందే.

జకరయ్య కుంచె ముంచి ఇటు తిరిగాడు.

"నాయనా, ఆగు" అంది కరుణ. "నా జడ తగిలింది."

కుంచె గాలిలోనే ఆగింది. జకరయ్య గిన్నెలోకి చూశాడు. బంక అప్పుడే చిక్కబడుతోంది. ఆయన కుంచె పక్కన పెట్టి, స్పిరిట్ సీసా, ఉప్పుకాగితం తీసుకున్నాడు.

"యాడ?" అన్నాడు.

కరుణ జడలు రెండూ వెనక్కి ముడేసుకుని పడవ మీదికి వంగింది. వేలు ఆనకుండా, గాలిలోనే చిన్న సున్నా చుట్టి చూపించింది.