ఉప్పెన గదికి కాపలా

చీకటి పడ్డాక ఉప్పెన గది వైపు తల తిప్పకూడదు — ఆ ఆడపిల్లల హాస్టల్లో చేరిన ప్రతి పిల్లకీ మొదటి రాత్రే ఎవరో ఒకరు చెవిలో ఊదే మాట ఇది. పెట్టె ఎక్కడ పెట్టుకోవాలో, గంట ఎప్పుడు కొడతారో తర్వాత చెప్పేవారు. ముందు ఇది.

అవనిగడ్డ దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో, కాలవ పక్కన ఉండేది ఆ హాస్టల్ ఉన్న హైస్కూలు. వెనకాల, వంటశాలకి కూడా అవతల, విడిగా ఒక పెంకుటి గది. డెబ్భై ఏడు ఉప్పెనలో కొట్టుకొచ్చిన శవాలను ఆ గదిలోనే వరసగా పడుకోబెట్టారట. అందరి కోసమూ ఎవరో ఒకరు వచ్చారు గానీ, ఒక్క పిల్ల కోసం మాత్రం ఎవరూ రాలేదట. నీళ్ళు నిలిచిన చార మనిషెత్తున గోడ మీద ఇప్పటికీ ఉంది — ఎన్నిసార్లు సున్నం కొట్టించినా మళ్ళీ పైకి తేలుతుంది.

ఆ పిల్లే... రాత్రిళ్ళు ఒంటి మీది ఉప్పునీళ్ళు కడుక్కుంటుందని చెప్పుకునేవారు. ముందు బకెట్ చప్పుడు. తర్వాత నీళ్ళు వంపిన చప్పుడు. ఆ తర్వాత గుడ్డ పిండిన చప్పుడు... కిటికీలో తెల్లగా ఏదో ఆడుతుంది. అంతే. మళ్ళీ అంతా నిశ్శబ్దం.

హాస్టల్ వాచ్‌మన్ కూడా వంటశాల దాకా వచ్చి, టార్చి ఒకసారి తిప్పి, వెనక్కి మళ్ళేవాడు. మగవాడే. మీసం కూడా ఉన్నవాడే.

తొంభై ఎనిమిదిలో బడులు తెరిచే వేళకి గుడివాడ నుంచి వార్డెన్‌గా వచ్చింది మంగతాయారు. దెయ్యాలను నమ్మే మనిషి కాదు. అబద్ధాన్ని అసలే సహించదు. అన్నం పారబోసి తిన్నానని చెప్పిన పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని, "చేసిన తప్పు దాచుకుంటే పుండవుతుంది, చెప్పేస్తే మానుతుంది" అని నిజం కక్కించేదాకా లేవనిచ్చేది కాదు. ఆవిడ మాట కటువు. నడత అంతకంటే కటువు. కానీ పిల్లల కోసం ఎవరి గుమ్మమైనా ఎక్కేది.

ఆ ఏడు ఆవిడ పట్టుపట్టింది ఆ గది కోసమే.

హాస్టల్లో ఉన్నది ఒకే హాలు. తినడం అక్కడే, చదవడం అక్కడే, పడుకోవడం అక్కడే. వార్షికోత్సవానికి కోలాటం నేర్చుకుంటున్న పిల్లలు వరండాలో ఆడుకోవాలి. కార్తీక మాసం, తుఫాను గాలి — వరండా అంతా జల్లు. కోలలు చేతుల్లోంచి జారిపోయేవి. ఒకరి కాలు ఇంకొకరి పెట్టెకి తగిలేది. లోపల చదువుకునేవాళ్ళు విసుక్కునేవారు, బయట ఆడేవాళ్ళు కసురుకునేవారు. వెనకాల అంత గది ఖాళీగా పెట్టుకుని ఇదేం ఖర్మ అని మంగతాయారుకి ఒళ్ళు మండేది.

స్కూలు కరస్పాండెంటు ప్రకాశరావుకి రొయ్యల చెరువులున్నాయి. ఆయన కన్నూ ఆ గది మీదే ఉంది.

"మా మేత బస్తాలకి చోటు చాలట్లేదమ్మా. ఖాళీ గదిని గబ్బిలాలకి వదిలేస్తామా?"

"పిల్లలకి ఇప్పించండి సార్. ఆడుకోవడానికి, పాడుకోవడానికి వాళ్ళకి చోటు లేదు."

"ఇవ్వనన్నానా? వాళ్ళు అడుగుపెడితేగా!" ఆయన నవ్వాడు. "సరే, సోమవారం పొద్దున వస్తాను. అప్పటికి పిల్లలు గది వాడుకుంటుంటే వాళ్ళది. లేదంటే బస్తాలు దిగుతాయి."

ఆదివారం పొద్దున మంగతాయారు చీపుళ్ళు, సున్నం బకెట్టు తెప్పించి పెద్దపిల్లలందరినీ వెనక్కి నడిపించింది. వంటశాల దాటగానే వరస ఆగిపోయింది.

"టీచరుగారండీ, నాకు కడుపునొప్పండీ."

"నాకు జ్వరం వచ్చేలా ఉందండీ" అంది శ్రీదుర్గ. ఎనిమిదో తరగతి పిల్ల, నాగాయలంక అవతల చేపలు పట్టేవాళ్ళ పల్లె నుంచి వచ్చింది.

"వచ్చేలా ఉండడమేంటే? వచ్చాక చెప్పు. ముందు చీపురు పట్టు."

శ్రీదుర్గ చీపురు పట్టుకుంది గానీ కాలు కదపలేదు.

వంటమనిషి ముత్యాలమ్మ గుమ్మంలో బియ్యం చెరుగుతూ అంది — "ఇరవయ్యేళ్ళుగా అద్దె లేకుండా ఉంటోందమ్మగారూ ఆ దెయ్యం. ఇప్పుడు ఖాళీ చెయ్యమంటే ఎక్కడికి పోద్ది, పాపం!"

పిల్లలు కిసుక్కుమన్నారు. మంగతాయారు నవ్వలేదు. భానుమతి వైపు తిరిగింది. పదో తరగతి, హాస్టల్ లీడరు. పరేడ్‌లో ముందు నడిచే పిల్ల. పాము దూరితే కర్ర పట్టుకుని ముందుకురికే పిల్ల.

"నువ్వు రావే. నువ్వొస్తే వీళ్ళంతా వస్తారు."

భానుమతి తల దించుకుంది. "వద్దండీ."

"నువ్వు కూడానా!"

"ఇంకేం చెయ్యమన్నా చేస్తానండీ. ఆ గది మాత్రం తెరిపించకండి."

మంగతాయారుకి ఏడుపొచ్చినంత పనైంది. "ఎవరి కోసమే ఇదంతా? నేను ఆడతానా కోలాటం? మీ కోసం ఆయన గుమ్మం ముందు నిలబడి నిలబడి నా కాళ్ళు పీకుతున్నాయి. రేపు బస్తాలు దిగాక ఏడవండి, అప్పుడు చెప్తాను!"

చీపురు నేలకేసి కొట్టి వెళ్ళిపోయింది. ఎవరికోసం పాటుపడుతున్నామో వాళ్ళే అడ్డం నిలబడితే వచ్చే కోపం ఉంది చూశారూ — అది శత్రువు మీద వచ్చే కోపం కంటే చేదు.

ఆ రాత్రి దీపాలార్పాక, ఎవరికీ చెప్పకుండా, తాళంచెవి తీసుకుని వెళ్ళింది. ఆ గదిలో తెల్లారేదాకా కూర్చుని, పొద్దున్నే పిల్లల్ని పిలిచి, 'ఇదుగో, నన్నెవరూ తినలేదు' అని చూపించాలని ఆవిడ పంతం.

తలుపు కిర్రుమంది. టార్చి వెలుగు అప్పటికే పచ్చబడి, అరచెయ్యంత మేరే పడుతోంది. ఆ వెలుగులో గోడ మీది నీటి చార కనిపించింది. ఒక మూలన విరిగిన బెంచీ... ఆవిడ తలుపు దగ్గరికి వేసి, బెంచీ దగ్గరికి తడుముకుంటూ వెళ్ళేలోపే టార్చి ఆరిపోయింది. తట్టింది. విదిలించింది. వెలగలేదు.

సరే, చీకటి ఏమన్నా కొరుకుతుందా అనుకుని కూర్చుంది.

బయట గాలి. దూరంగా రొయ్యల చెరువుల మీద మోటారు మోత. పెంకుల మధ్య నుంచి ఎక్కడో చుక్క... చుక్క... వాన కురవడం లేదు కదా?

అప్పుడు — చల్లగా, తడిగా, మెత్తగా... ఏదో ఆవిడ చెంపను నిమిరింది.

మంగతాయారు చెయ్యి చాపింది. ఏమీ తగల్లేదు. చెయ్యి దించుకుంది... మళ్ళీ నిమిరింది. ఈసారి నుదురు మీద. వేళ్ళంత మెత్తగా.

దెయ్యాల్లేవని పదిమందికీ చెప్పిన నోరు. ఆ నోట్లోనే ఆంజనేయ దండకం కదలడం మొదలైంది. లేచి పారిపోతే — పొద్దున ఏ మొహంతో నిలబడాలి?

వెనక కిటికీ దగ్గర ఇనుము కదిలిన చప్పుడు.

ఉప్పుగాలికి తుప్పు పట్టిన చువ్వ ఒకటి మెల్లగా పక్కకి జరిగింది. కిటికీలోంచి తెల్లటిది ఒకటి లోపలికి దిగింది. దాని వెనకే... ఇంకొకటి.

బకెట్ చప్పుడు. నీళ్ళు వంపిన చప్పుడు.

ఆ తర్వాత, గుసగుసగా ఒక గొంతు — "భయపడకే... ఇక్కడెవరూ ఉండరు."

"ఎవరది!" అని మంగతాయారు కేక పెట్టబోయింది. కేక కాదు, గాలి వచ్చింది. ఆ గాలికే అవతల బకెట్ దొర్లిపోయింది. సన్నగా ఏడుపు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు.

వెలుగులో భానుమతి మొహం. దాని వీపు వెనక నక్కి శ్రీదుర్గ.

"అరవకండి టీచరుగారండీ" అంది భానుమతి, చేతులు జోడించి. "మీకు దణ్ణం పెడతాను. చిన్నపిల్లలు లేస్తారు."

"ఇక్కడేం చేస్తున్నారే మీరు!"

అగ్గిపుల్ల ఆరిపోతే భానుమతి ఇంకోటి వెలిగించి, చిన్న కొవ్వొత్తి అంటించింది. మంగతాయారు తలెత్తి చూసింది.

ఈ గోడ నుంచి ఆ గోడకి తాడు. తాడు మీద వరసగా ఉతికి ఉతికి తెల్లబడిన పాత చీర ముక్కలు, చిరిగిన లంగా ముక్కలు. కొన్ని ఆరినవి, కొన్ని ఇంకా నీళ్ళు కారుతున్నవి. ప్రతి నెలా ప్రతి ఆడదీ ఉతుక్కుని, ఎవరి కంటా పడకుండా ఆరేసుకునే గుడ్డలు.

ఇక చెప్పించుకోవలసిన పని లేదు. ఆవిడా ఆడదే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నేను చేరక ముందు నుంచీ ఉందండీ. టెన్త్ అక్కలు వెళ్ళిపోయేటప్పుడు దెయ్యాన్ని మాకు అప్పజెప్పి వెళ్తారు. బకెట్ ఎట్లా మోగించాలో, కిటికీలో తువ్వాలు ఎట్లా ఊపాలో నేర్పి వెళ్తారు... వాచ్‌మన్ ఇటు రాకుండా. చిన్నపిల్లలకి చెప్పమండీ. పెద్దమనిషై, ఇంటి దగ్గర ఫంక్షన్ చేసుకుని తిరిగొచ్చాక చెప్తాం, దెయ్యం లేదని. దీనికి ఇవాళ మధ్యాహ్నమే చెప్పాను."

శ్రీదుర్గ చేతిలో చిన్న మూట ఉంది. దాన్ని పావడా మడతల్లో దాచుకోవాలని చూస్తోంది.

"స్నానాల గది ఉందిగా?"

"దానికి రోడ్డు వైపు సగం గోడే కదండీ. లారీలవాళ్ళు హారన్లు కొడతారు."

"మరి హాలు వెనకాల తాడు—" అనబోయి మంగతాయారు ఆగిపోయింది.

భానుమతి నేల చూపులు చూస్తూ అంది — "అది మీరే తెంపించారు కదండీ, వచ్చిన కొత్తలో. రోడ్డు మీద పోయేవాళ్ళు చూస్తే స్కూలు పరువు పోతుందని."

కొవ్వొత్తి రెపరెపలాడింది.

"నాతో ఒక్క మాట చెప్పొచ్చు కదే..."

"ఏమని చెప్పమంటారండీ?"

ఎవరి మీద కోప్పడాలో మంగతాయారుకి తెలియలేదు. కోపం మాత్రం ఉంది. గోడ కట్టించని వాళ్ళ మీదా? తాడు తెంపించిన తన మీదా? ఇంత చిన్న అవసరాన్ని ఇంత పెద్ద దెయ్యం వెనక దాచుకోవలసి వచ్చిన రోత సిగ్గు మీదా? దొర్లిన బకెట్ తనే తీసి నిలబెట్టింది.

"కానివ్వండి. నేను తలుపు దగ్గర ఉంటాను."

ఆ రాత్రి ఆవిడకి నిద్ర లేదు. దెయ్యం లేదంటే గది తెరవాలి. కోలాటానికి డప్పులవాళ్ళు వస్తారు, డ్రిల్లు మాస్టారు వస్తాడు. ఈ తాడు ఎక్కడ కడతారు? పోనీ బస్తాలు దిగితే పగలూ రాత్రీ కూలీలే. ఎటు చెప్పినా గది పోతుంది.

సోమవారం పొద్దున్నే ట్రాక్టరు వచ్చింది. బస్తాల మీద నలుగురైదుగురు ముఠా కూలీలు. ముందు మోటారు సైకిలు మీద ప్రకాశరావు.

"ఏం టీచరమ్మా, పిల్లలు గదిలో కోలాటమాడుతున్నారా? బస్తాలు దించమంటారా?"

"రాత్రి నేను ఆ గదిలో ఉన్నాను సార్" అంది మంగతాయారు. బస్తా భుజానికెత్తుకోబోతున్న కూలీ ఆగాడు.

"ఆఁ? ఉంటే?"

"తెల్లవి. ఒకటి కాదు. ఆ గోడ నుంచి ఈ గోడ దాకా వేలాడుతున్నాయి. నా చెంపకి తగిలాయి. తడిగా, చల్లగా... నా కళ్ళతో చూశాను."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. అబద్ధమాడే మనిషి కాదని ఊరందరికీ తెలుసు. అదే పని చేసింది. కూలీ బస్తాను నెమ్మదిగా ట్రాక్టరు మీదకే జారవిడిచాడు.

"మా వల్ల కాదండీ బాబూ. పిల్లలు గలవాళ్ళం."

ప్రకాశరావు నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. "మీరు కూడా ఏంటమ్మా, చదువుకున్నవాళ్ళు..." అన్నాడు గానీ, వంటశాల దాటి ఒక్క అడుగు వెయ్యలేదు.

"స్నానాల గదికి నిండుగా గోడ కట్టించండి సార్. పక్కన గుడ్డలు ఆరేసుకోవడానికి పైకప్పుతో చిన్న గది కట్టించండి. ఆ తర్వాత ఆ గదిలో ఎవరికీ ఏమీ కనిపించవు. నాది పూచీ."

"గోడకీ దెయ్యానికీ సంబంధమేంటమ్మా? గోడలంటే ఎస్టిమేటు, శాంక్షను... ఎక్కడున్నాయి ఫండ్సు? శాంతి చేయిస్తే సరిపోతుంది."

ట్రాక్టరు వెనక్కి తిరిగింది. సాయంత్రానికల్లా గుమ్మడికాయలొచ్చాయి, నిమ్మకాయలొచ్చాయి, ఎర్ర గుడ్డ కట్టుకున్న మంత్రగాడొచ్చాడు, గది చుట్టూ ముగ్గు పడింది. ఇటుక మాత్రం ఒక్కటి రాలేదు. మంగతాయారు పళ్ళు బిగబట్టి అదంతా చూస్తూ నిలబడింది.

వరండాలో జల్లు పడుతూనే ఉంది. పిల్లలు తడుస్తూ కోలాటం వేస్తున్నారు.

దీపాలార్పారు. తన వంతు రాత్రి కాబట్టి భానుమతి దుప్పటి తీసి లేవబోయింది — ఇంతలోనే వెనక నుంచి బకెట్ మోగింది. మామూలుగా కాదు, గట్టిగా, కోపంగా. నీళ్ళు భళ్ళున వంపిన చప్పుడు. వంటశాల దాకా వచ్చిన వాచ్‌మన్ టార్చి గిరుక్కున వెనక్కి తిరిగింది.

పక్కన శ్రీదుర్గ భానుమతి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా... నువ్విక్కడే ఉన్నావుగా? మరి అక్కడ ఎవరు?"

భానుమతి తలెత్తి హాలు చివరకి చూసింది.

వార్డెన్‌గారి మంచం ఖాళీగా ఉంది.