రోడ్డెక్కిన బోటు

బందరు నుంచి గిలకలదిండి వెళ్లే దారిలో ఒకప్పుడు ఉప్పు నిలవచేసిన పాత కొటారు ఒకటుంది. పైకప్పు సగం ఎగిరిపోయింది, గోడల్ని ఉప్పు తినేసింది. పగలు మేకలు పడుకుంటాయి. పొద్దుగూకాక మాత్రం ఎంతిస్తానన్నా ఆటోవాడు అటు రాడు.

సముద్రం ఉంచేసుకున్నవాళ్లు ఇంటిదారి తెలియక అక్కడ ఆగుతారట. తమవాళ్లు ఆ పక్కగా వెళ్తుంటే పేరు పెట్టి పిలుస్తారట. ఒకసారి... రెండుసార్లు. మూడోసారి పిలిచే ఓపిక వాళ్లకుండదట. అందుకే కొటారు అవతలున్న జాలరిపేటలో చీకటి పడ్డాక ఎవరు పిలిచినా మూడో పిలుపుకి గానీ పలకరు. కట్టుకున్నవాడు తలుపు తట్టినా అంతే.

సాయిదుర్గ ఇదంతా నమ్మేది కాదు. అత్తగారు పాపాయమ్మ కొటారు కథ మొదలెడితే కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. ఆ గాలివాన వచ్చిన వారం దాకా.

ఆ వారం ఆమె మొగుడు వెంకటరమణ వేటకెళ్లిన బోటు తిరిగి రాలేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. ఇక మిగిలిన ఆశ బందర్లో ఆత్రేయ నడిపే ఇంటర్నెట్ సెంటరు. ఆ ఏడాదే ఎవరో కంపెనీవాళ్లు పరీక్షకని ఆ బోటుతో సహా కొన్నింటికి తెల్ల పెట్టెలు బిగించారు. పెట్టె ఎక్కడుంటే కంప్యూటర్లో అక్కడ ఎర్రచుక్క కనబడుతుంది. "దీన్ని ఊడదీయకండి. బోటు మునిగితే దానంతటదే ఊడి పైకి తేలుతుంది" అని మరీ మరీ చెప్పి వెళ్లారు.

అత్తాకోడళ్లిద్దరూ రోజూ వచ్చి చుక్కని చూసి వెళ్లేవాళ్లు. అది నాగాయలంక దిగువన నీళ్లలోనే కదలకుండా ఉండేది. ఆ సాయంత్రం ఆత్రేయ మౌసు కదిపి... కుర్చీలో ముందుకి వంగాడు.

"ఏంటి బాబూ?" అంది పాపాయమ్మ.

"మామ్మగారూ... బోటు మోపిదేవిలో ఉందండీ."

"మోపిదేవిలో సముద్రమెక్కడిదయ్యా?"

ఈలోగా చుక్క కదిలింది. చల్లపల్లి దాటింది. వరిచేల మధ్య నుంచి, రోడ్డు పట్టుకుని, ఎక్స్‌ప్రెస్ బస్సు కన్నా దర్జాగా వచ్చేస్తోంది. బందరొచ్చింది. కాసేపు నిలబడింది. మళ్లీ కదిలింది... ఊరు దాటి ఒకచోట ఆగిపోయింది.

ఉప్పు కొటారు.

"బోటు రోడ్డెక్కి రాదే అమ్మాయ్," పాపాయమ్మ గొంతు గుసగుసలోకి దిగింది. "మునిగితే పెట్టె ఊడొస్తుందన్నారు... ఊడొచ్చింది. దాన్ని పట్టుకుని నడిచొచ్చినోడు..."

సాయిదుర్గ లేచి నిలబడింది. మొగుడు ఉన్నాడో లేడో తెలియాలి. తెలిసేది అక్కడే, ఇంటికి దారీ అదే. తోడు రమ్మంటే ఆత్రేయ, "సెంటరు కట్టెయ్యాలండీ" అంటూ, కొన్నాక ఎప్పుడూ తుడవని కీబోర్డు తుడవడం మొదలెట్టాడు.

ఇద్దరే నడిచారు. సన్నగా తుంపర పడుతోంది. వీధి దీపాలు అయిపోయాయి. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, ధైర్యానికి ఏదో ఒకటి గొణుక్కుంటూ, కొటారు ముందుకొచ్చారు.

లోపల చీకట్లో ఓ ఎర్రచుక్క... వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"దుర్గా..."

మగగొంతు. సాయిదుర్గ నోరు తెరిచింది. పాపాయమ్మ గబుక్కున ఆ నోరు మూసింది.

"దుర్గా..."

రెండు. ఇంకొక్కసారి పిలిస్తే బతికున్నట్టే. పిలవకపోతే—

పిలవలేదు. తుంపర చప్పుడు తప్ప ఏమీ లేదు. సాయిదుర్గ కళ్లలోంచి నీళ్లు వాటంతటవే కారిపోతున్నాయి. ఎంతసేపలా నిలబడ్డారో... చివరికి పాపాయమ్మకి భయం పోయి కోపం వచ్చింది.

"ఒరేయ్ రమణా, మూడోసారి పిలవరా చచ్చినోడా. నీ పెళ్లాం ఎట్టా ఏడుస్తందో చూడు."

లోపల ఏదో దబ్బున పడింది.

"అమ్మా? నువ్వా?... దుర్గా... దుర్గా, నేనే."

వెంకటరమణ బయటికొచ్చాడు. మాసిన గడ్డం, చంకలో ఎర్రలైటు మిణుకుమనే తెల్ల పెట్టె. పెట్టెకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. సాయిదుర్గ ముందు అతని పాదాలు చూసింది. ముందుకే ఉన్నాయి. అప్పుడు వెళ్లి వాటేసుకుని, ఇన్నాళ్ల ఏడుపూ ఏడ్చేసింది.

ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక సంగతంతా చెప్పాడు.

"ఇంజను చెడి నాగాయలంక కొట్టుకుపోయాం. ఒడ్డు చేరితే ఇంటికి పోకముందే మోపిదేవి సామి దగ్గర బోటుకి పూజ చేయిస్తామని మొక్కుకున్నాం. అంత బోటుని గుడికెట్టా మోసుకెళ్తాం? పెట్టె ఎక్కడుంటే బోటు అక్కడున్నట్టేనని కంపెనీవాళ్లే అన్నారు గదా. మిగతావాళ్లని బోటు దగ్గరుంచి, దాన్ని ఊడదీసి తీసుకెళ్లా. బందర్లో బస్సు దిగి ఆటో ఎక్కితే, కొటారు ఇవతలే దింపేసి పారిపోయాడు. పూజ చేసిన పెట్టె తడవకూడదని లోపల నిలబడ్డా."

"ఒక్క ఫోను చేస్తే నీ సొమ్మేం పోయింది మావా?"

"నా ఫోను నీళ్లలో పడి పాడైంది. నీ నంబరు దాంట్లో ఉంది గానీ నా బుర్రలో ఉందా?"

పాపాయమ్మ పొలమారేదాకా నవ్వింది. "సరేలే. రెండుసార్లు పిలిచినోడివి మూడోసారి ఎందుకు ఊరుకున్నావురా? మా ప్రాణాలు పోయినయ్."

వెంకటరమణ చేతిలో ముద్ద నోటిదాకా వచ్చి ఆగింది.

"నేనెప్పుడు పిలిచానే? రోడ్డు మీద ఆడగొంతులు గొణుగుతుంటే, దెయ్యాలనుకుని స్తంభం వెనక నక్కాను. నువ్వు తిట్టిందాకా నోరు విప్పితే ఒట్టు." గొంతు తగ్గించాడు. "ఆ రెండు పిలుపులూ నేనూ విన్నా... నా పక్కనుంచే."

ఆ రాత్రి ఆ ఇంట్లో దీపం ఆర్పలేదు.

ఇప్పటికీ చీకటి పడ్డాక రెండు రింగులకే ఆగిపోయిన ఫోను ఎవరిదో సాయిదుర్గ చూడను కూడా చూడదు. మొగుడు వేటకి బయల్దేరేటప్పుడు మాత్రం గడపలో నిలబడి ఒకటే చెప్తుంది.

"బాలెన్స్ లేకపోతే మిస్డ్ కాలే ఇవ్వు మావా. కానీ మూడుసార్లివ్వు."